పెరుగు డబ్బాలో జెలటిన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అర్జెంటు

రాజమండ్రి కోడలు:
అందరికీ నమస్కారం. పొద్దున షాపులో నిలబడి చదివాను, ఇంటికొచ్చి చదివాను, ఇప్పుడు ఫ్రిజ్ ముందు స్టూలు వేసుకుని మళ్ళీ ఒక్కో డబ్బా తిప్పి చదువుతున్నాను. తల వాచిపోయింది. అత్తయ్యగారు వస్తున్నారు, పక్కా శాకాహారం. మాంసం, చేపలు మా ఇంట్లో ఎలాగూ ఉండవు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారట, పెరుగులో జెలటిన్ కలుపుతారనీ, అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారనీ, జ్యూసుల్లో, చీజుల్లో కూడా ఏవేవో ఉంటాయనీ. అప్పట్నుంచి ఏది పట్టుకున్నా అనుమానమే. ఏది ఉంచాలో ఏది తీసేయాలో క్లియర్‌గా చెప్పండి ప్లీజ్. గూగుల్ చేసుకోమని మాత్రం అనకండి, ఇంతసేపూ చేస్తున్నది అదే.

పాలకొల్లు బుల్లోడు:
ఆకుపచ్చ చుక్క ఉంటే తినొచ్చు, లేకపోతే లేదు. దీనికి ఇంత టెన్షనా అండీ?

లేబుల్ మాస్టారు:
చుక్క అని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, అంతవరకు సరే. మాంసాహారానికి కూడా ఇదివరకు గోధుమరంగు చుక్కే ఉండేది. రంగులు సరిగా కనపడనివాళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయని 2020 నిబంధనల్లో దాన్ని త్రికోణం చేశారు. గుడ్డు మాంసాహారం కిందకే వస్తుంది. పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, షెల్లాక్ మాత్రం మినహాయింపు. షెల్లాక్ అంటే లక్క, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్కే, పురుగు నుంచే వస్తుంది. దాన్ని శుద్ధి చేసి చాక్లెట్ గోళీల మీద మెరుపు కోసం పూస్తారు. పురుగుది అయినా డబ్బా మీద ఆకుపచ్చ చుక్క వేసుకోవచ్చు. కాబట్టి చుక్క చూసి మోసపోకుండా వెనక చిన్న అక్షరాలు చదవాలి. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే చెప్పింది, కోడ్ నంబరు వేస్తే సరిపోదు, ఆ పదార్థం మొక్కదో జంతువుదో ప్రయోగశాలలో చేసిందో స్పష్టంగా రాయాలని. ఆ కేసులో ఉదాహరణగా వచ్చింది ఇంగ్లీషు E అక్షరంతో మొదలయ్యే కోడ్, ఈ631, అంటే చిప్స్, నూడుల్స్ మసాలాలో రుచి కోసం వేసేది. చేపల నుంచి, మాంసం నుంచి కూడా తీయొచ్చు, పిండిపదార్థాన్ని పులియబెట్టి కూడా తీయొచ్చు.

రాజమండ్రి కోడలు:
మాస్టారూ బాగా చెప్పారు గానీ ఇక్కడ చుక్కలు లేవండీ.

పాలకొల్లు బుల్లోడు:
ఇక్కడ అంటే ఎక్కడ?

రాజమండ్రి కోడలు:
లైప్‌జిగ్. జర్మనీ. ప్రొఫైల్‌లో ఉందిగా.

పాలకొల్లు బుల్లోడు:
ప్రొఫైల్ ఎవడు చూస్తాడండీ!

డాలస్ బాబాయి:
జర్మనీ సంగతి తెలీదు గానీ అమెరికా అయితే మొత్తం గందరగోళమే అమ్మా. మెక్సికన్ హోటళ్ళలో బీన్స్ కదా అని లాగించేస్తాం, చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. టమాటా సూపులో చికెన్ నీళ్ళు. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ కేసు గుర్తుందా, నూనె కూరగాయలదే అన్నారు, రుచికోసం వేసే ఫ్లేవర్‌లో గొడ్డు మాంసం సారం ఉందని బయటపడింది. 2001లో సియాటిల్‌లో మనవాళ్ళు కేసు వేస్తే 2002లో కోటి డాలర్లు ఇచ్చి రాజీ పడ్డారు. మనదేశంలో వాళ్ళు అమ్మే ఫ్రైస్‌లో అది లేదు. ఇంక చక్కెర కూడా, కొన్ని చెరకు ఫ్యాక్టరీల్లో తెల్లగా చేయడానికి కాల్చిన పశువుల ఎముకల బొగ్గు మీదుగా వడకడతారు. లేబుల్ మీద ఒక్క ముక్క ఉండదు.

మ్యూనిక్ మురళి:
బాబాయ్, ఆవిడని ఇంకా భయపెట్టకండి. ఇక్కడ అమ్మే చక్కెర దాదాపు అంతా బీట్‌ది, దానికి ఎముకల బొగ్గు అక్కర్లేదు. అక్కా, మీ దగ్గరున్న పెరుగు మామూలుదా, పళ్ళ ముక్కలున్నదా?

రాజమండ్రి కోడలు:
రెండూ ఉన్నాయి. స్ట్రాబెర్రీది చిన్న కప్పులు.

మ్యూనిక్ మురళి:
అయితే వినండి. మామూలు పెరుగు డబ్బా వెనక పాలు, పెరుగు కల్చర్ తప్ప ఇంకేం రాసి లేకపోతే నిశ్చింతగా వాడండి. చూసుకోవాల్సింది పళ్ళ పెరుగులు, మూస్ అనే నురగ స్వీట్లు, పుడ్డింగులు, కొవ్వు తగ్గించాం అని అమ్మే డెజర్టులు. జెలటిన్ వేస్తే ఇక్కడ రాసి తీరాలి. 'గెలటీనె' అనో 'శ్పైజెగెలటీనె' అనో ఉంటుంది. ముందు 'రిండర్' అని తగిలిస్తే గొడ్డుది, 'ష్వైనె' అని ఉంటే పందిది, ఏదీ లేకపోతే పందిదే అనుకోండి, యూరప్‌లో జెలటిన్ ఎక్కువగా పంది చర్మం నుంచే తీస్తారు. పెక్టిన్, స్టార్చ్, అగర్ ఉంటే భయం లేదు, అగర్ అంటే మన చైనా గ్రాస్. స్ట్రాబెర్రీ ఎరుపు బీట్‌రూట్‌ది అయితే మంచిదే. 'కార్మిన్' అని గానీ ఈ120 అని గానీ ఉంటే మాత్రం కాక్టస్ మీద బతికే పురుగుల్ని ఎండబెట్టి తీసిన రంగు, ఎక్కువగా పెరూ నుంచి వస్తుంది.

రాజమండ్రి కోడలు:
అమ్మో, స్ట్రాబెర్రీ కప్పు మీద శ్పైజెగెలటీనె ఉంది! పోయిన వారం మేం ఇద్దరం తిన్నాం అవి. సరే, చీజ్, ఆపిల్ జ్యూస్ సంగతేంటి? వాటి మీద ఏమీ లేదు, చదివాను.

మ్యూనిక్ మురళి:
ఏమీ లేకపోవడమే అక్కడ చిక్కు. చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి రెన్నెట్ వేస్తారు, జర్మన్‌లో 'లాబ్'. అసలుది పాలు తాగే దూడ కడుపులోంచి తీస్తారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో చేసినవి కూడా చాలా వాడుతున్నారు. కానీ యూరప్ నిబంధనల ప్రకారం చీజ్ మీద ఎంజైములు విడిగా రాయక్కర్లేదు. కొందరు 'మిక్రోబియెల్లెస్ లాబ్' అని వాళ్ళంతట వాళ్ళే రాస్తారు, అవి తీసుకోండి. లేదా పసుపు మీద ఆకుపచ్చ 'వి' గుర్తు చూడండి, అందులో వెజిటేరియన్ వేరు, వీగన్ (పాలు, తేనె కూడా లేనిది) వేరు, కింద రాసి ఉంటుంది. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్ అయితే లేబుల్ చూడక్కర్లేదు, తీసేయడమే, దూడ రెన్నెట్ తప్ప ఇంకోటి వాడకూడదని దాని నిబంధనలోనే ఉంది. సీసాలో పెస్టో, అంటే ఇటలీ ఆకు పచ్చడి, కొంటే చాలావాటిలో ఆ చీజో దాని అన్నదమ్ములో ఉంటాయి. క్వార్క్ గడ్డపెరుగులా ఉందని మనవాళ్ళు ఆవకాయన్నంలోకి తెగ వాడతారు, దాంట్లోనూ మామూలుగా కొద్దిగా లాబ్ పడుతుంది. జ్యూస్ అయితే అద్దంలా మెరిసే ఆపిల్ జ్యూసుని తేర్చడానికి జెలటిన్ వాడొచ్చు, పనయ్యాక తీసేస్తారు కాబట్టి రాయనక్కర్లేదు. అందుకని 'నాటూర్‌ట్రూబ్' అని ఉన్న మసక జ్యూస్ కొనండి, అది తేర్చనిది.

శుభోదయం సూర్యారావు:
ఇంగ్లీషు 'E' నంబర్ ఉన్న ప్రతి పదార్థంలో పంది కొవ్వు ఉంటుంది. విదేశీ కంపెనీల కుట్ర. మీ ఆత్మీయులు 10 మందికి పంపండి 🙏🙏

లేబుల్ మాస్టారు:
సూర్యారావు గారూ, ఈ100 ఏంటో తెలుసా? పసుపులోని రంగు. ఈ300 విటమిన్ సి. ఈ322 లెసిథిన్, ఎక్కువగా సోయాది. ఈ406 ఇందాక మురళి గారు చెప్పిన చైనా గ్రాస్. వీటన్నిటిలో పంది ఎక్కడిదండీ? ఈ120 కార్మిన్, ఈ904 షెల్లాక్, ఈ రెండూ పురుగువి. ఈ471 కొవ్వు నుంచి వచ్చేది, అది పామాయిల్ కావచ్చు, జంతువుది కావచ్చు, నంబరు చూసి చెప్పలేం. ఈ920 అయితే పక్షి ఈకల నుంచి కూడా తీస్తారు, బ్రెడ్డు పిండిలో వేస్తారు. నంబరు అనేది ఒక పేరు, అంతే.

శుభోదయం సూర్యారావు:
మీరు చదువుకున్నవారు. మాకు డాక్టరు గారు పంపారు ఈ మెసేజ్.

లేబుల్ మాస్టారు:
ఏ డాక్టరు? దేనికి డాక్టరు?

పాలు మానేసిన పద్మ:
రెన్నెట్ కోసం దూడని చంపుతారంటే అందరికీ బాధేస్తోంది, మరి పాల కోసం ఆ దూడని తల్లి దగ్గర్నుంచి లాగేస్తే బాధ వెయ్యదా? పాలు, నెయ్యి, తేనె తీసుకుంటూ పక్కా శాకాహారం అనడం ఏంటో నాకర్థం కాదు. మనదేశంలో 2022 నుంచి వీగన్‌కి వేరే గుర్తు కూడా ఉంది.

తెనాలి అమ్మమ్మ:
పద్మా, నువ్వు మానేశావు, సంతోషం. ఆ అమ్మాయి అడిగింది వాళ్ళత్తగారి గురించి. ఆవిడ పెరుగన్నం లేకుండా చెయ్యి కడగదు అని నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

పాలు మానేసిన పద్మ:
నేను మాట వాడకం గురించి అంటున్నా. శాకం అంటే మొక్క.

తెనాలి అమ్మమ్మ:
మా వైపు అనాదిగా శాకాహారం అంటే పాలతో కలిపే. నిఘంటువు తిరగేసి చెబితే మా ఇంట్లో ఎవరూ వినరు.

డాలస్ బాబాయి:
ఆ లెక్కన వెండి రేకు అంటించిన స్వీట్లు ఎవరూ తినకూడదు. పాతబస్తీలో వరక్ కొట్టేవాళ్ళు పూర్వం పశువుల పేగు పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. ఇప్పుడు మెషిన్లు వచ్చాయనుకోండి.

పాలకొల్లు బుల్లోడు:
వెండి రేకు దాకా వచ్చారు, ఇంక లడ్డూ నెయ్యి దగ్గరికి వెళ్దామా?

అడ్మిన్:
ఆ నెయ్యి సంగతి ఎత్తితే కామెంట్లు ఆపేస్తాను. పెరుగు దగ్గరికి రండి.

హన్మకొండ మందుల షాపు:
తిండి సరే. మీ అత్తమ్మ ఏం మందులు వాడుతరో చూసిండ్రా? అది ఎవరూ అడుగుతలేరు.

రాజమండ్రి కోడలు:
బీపీకి మాత్ర. ఇంకా ఎముకలకని వారానికోసారి మెత్తటి గోళీ లాంటిది, 60,000 అని రాసుంటుంది.

హన్మకొండ మందుల షాపు:
అదే విటమిన్ డి3. ఆ మెత్తటి గోళీ పైపొర సాధారణంగా జెలటినే, మన దగ్గరైతే పశువుల ఎముకల నుంచి తీసింది. మందుల మీద చుక్క ఉండదు, అవి ఆహార చట్టం కిందికి రావు. లోపలి డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి చేస్తరు, దానికి గొర్రెను చంపుడు ఉండదు. పొడి ప్యాకెట్లు, చుక్కల మందు దొరుకుతయి, వాటికి ఈ పైపొర గొడవ ఉండదు. మొక్కల సెల్యులోజ్ గుళికలు కూడా ఉన్నయి. డాక్టర్‌ని అడగకుండ మాత్రం ఏదీ బంద్ చేయొద్దు.

రాజమండ్రి కోడలు:
అయ్యో దేవుడా. ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు ఆవిడ.

పాలకొల్లు బుల్లోడు:
చెప్పకండి. ఈ వయసులో తెలిస్తే మనసు పాడవుతుంది. తెలియకుండా తిన్నదానికి దోషం లేదు.

తెనాలి అమ్మమ్మ:
నేనైతే చెప్పమంటాను. రేపు ఇంకెవరో చెబితే "నీకు తెలిసి కూడా దాచావా" అంటుంది. మా తోటికోడలు ఒకసారి కేకులో గుడ్డు సంగతి దాచింది, ఇప్పటికీ దెప్పుతారు.

పాలు మానేసిన పద్మ:
తెలుసుకునే హక్కు ఆవిడది. ఇందులో మనం ఓట్లు వేసుకోవడం ఏంటి?

పాలకొల్లు బుల్లోడు:
హక్కులు, చట్టాలు... అత్తగారండీ బాబూ ఆవిడ!

ఊరకే చదివేవాణ్ణి:
ఏం తింటారో ఆవిడనే అడగండి.

రాజమండ్రి కోడలు:
అడగొచ్చు గానీ ఆవిడ ఫ్లైట్‌లో ఉన్నారండీ. రేపు పొద్దున దిగుతారు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు, అది చెప్పానా?

లేబుల్ మాస్టారు:
చెప్పలేదు.

మ్యూనిక్ మురళి:
అయితే డబ్బా సూపులు, సాసులు దాదాపు అన్నీ తీసి పక్కన పెట్టండి. పప్పు కదా అని లిన్‌జెన్ డబ్బా తెరవకండి, చాలావాటిలో పంది మాంసం ముక్కలుంటాయి. సీసాలో వచ్చే ఎర్ర క్యాబేజీలో కూడా కొన్నిటికి ష్మాల్ట్జ్, అంటే జంతువుల కొవ్వు, వేస్తారు. బేకరీలో బ్రెట్జెల్ అనే ముడి రొట్టె కొనేటప్పుడు ష్మాల్ట్జ్ వేశారా అని కౌంటర్ దగ్గర అడగండి, సిగ్గు పడక్కర్లేదు, ఇక్కడ అడగడం మామూలే. కందిపప్పు, బియ్యం, పాలు, కూరగాయలు ఉంటే ఆవిడకి ఇవేవీ అక్కర్లేదు కూడా.

పాలకొల్లు బుల్లోడు:
తోడు పెట్టుకోండి. అయిపోయింది. మొదట్నుంచీ నేననేది అదే.

లేబుల్ మాస్టారు:
మీరు మొదట అన్నది చుక్క చూడమని.

రాజమండ్రి కోడలు:
ఓకే థాంక్సండీ అందరికీ. మామూలు పెరుగుతో తోడు పెట్టేశా, స్ట్రాబెర్రీవి పక్కింటి పిల్లలకి ఇచ్చేశా, చీజ్ మా ఆయన ఆఫీసుకి పట్టుకెళ్తారు. గోళీ సంగతి ఆయన్నే చెప్పమన్నా, వాళ్ళమ్మ కదా.

శుభోదయం సూర్యారావు:
శుభరాత్రి మిత్రులారా 🌹

హాంబుర్గ్ హరిత:
మురళి గారూ, ఇదే చోట అడుగుతున్నా ఏమనుకోకండి, పిండి కలపని ఇంగువ మీ దగ్గర ఎక్కడైనా దొరుకుతోందా? మా నాన్నగారికి గోధుమ పడదు.