ప్లేగు క్రిమికి యెర్సిన్ పేరొక్కటే ఎందుకు? కిటసాటో సంగతేంటి?

గోదారోడు:
ప్లేగు బ్యాక్టీరియాకి యెర్సీనియా పెస్టిస్ అని ఫ్రెంచ్ డాక్టర్ అలెగ్జాండర్ యెర్సిన్ పేరు పెట్టారు. కానీ 1894 జూన్‌లో హాంకాంగ్‌లో ప్లేగు ముదిరినప్పుడు జపాన్ డాక్టర్ కిటసాటో ఆయనకన్నా మూడు రోజులు ముందే దిగాడు, క్రిమిని చూశాననీ ముందే చెప్పాడు. ధనుర్వాతం సీరం (రోగాన్ని తట్టుకునే మందు) విషయంలోనూ అంతే. జర్మన్ డాక్టర్ బేరింగ్‌తో కలిసి పనిచేస్తే 1901లో నోబెల్ బేరింగ్ ఒక్కడికే ఇచ్చారు. ఇది అన్యాయం కాదా?

ల్యాబ్‌రాజు:
ఆ నోబెల్ డిఫ్తీరియా సీరానికండీ, దాన్ని ఇందులో కలపొద్దు. ప్లేగు దగ్గరికొస్తే, గ్రామ్ రంగు (బ్యాక్టీరియాల్ని రెండు రకాలుగా విడదీసే పరీక్ష; రంగు నిలిస్తే పాజిటివ్, నిలవకపోతే నెగటివ్) పడుతుందో లేదో కిటసాటో తన మొదటి రిపోర్టులో తేల్చలేదు. తర్వాత పాజిటివ్ అన్నాడు. ప్లేగు క్రిమి నెగటివ్! యెర్సిన్ మొదట్లోనే నెగటివ్ అని సరిగ్గా రాశాడు. తమాషా ఏంటంటే, కిటసాటోకి మంచి ఇంక్యుబేటర్ ఉంది. ఒంటి వేడి దగ్గర న్యుమోకాకస్ (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) లాంటివి బాగా పెరుగుతాయి, ఆయన కల్చర్లో (ల్యాబ్‌లో పెంచిన క్రిముల్లో) అదే కలిసి ఉంటుందని చాలామంది అనుమానం. ఇంక్యుబేటర్ లేని యెర్సిన్ గది వేడిలోనే పెంచాడు. ప్లేగు క్రిమికి 28 డిగ్రీల దగ్గరే హాయి. లేమి కలిసొచ్చిందన్నమాట.

పాతకాగితాలు:
పైగా అక్కడి బ్రిటిష్ డాక్టర్ లాసన్ శవాలన్నీ కిటసాటో బృందానికే ఇచ్చాడు. యెర్సిన్ గడ్డి గుడిసె వేసుకుని, శవాలు పాతిపెట్టే నావికుల చేతిలో డబ్బులు పెట్టి శవాల గదిలోకెళ్ళాడు. పెట్టెలో శవం మీది సున్నం పక్కకి తోసి, ప్లేగుకి గజ్జల్లో లేచిన గడ్డ కోసుకుని నిమిషంలో బయటపడ్డాడు. గడ్డలో వెతకడమే ఆయన తెలివి. కిటసాటో ఎక్కువగా రక్తం మీద ఆధారపడ్డాడు.

గోదారోడు:
లాసన్ పక్షపాతానికి కిటసాటోని తిట్టడం దేనికి? కల్చర్లో రెండూ కలిసి ఉన్నాయంటే ప్లేగు క్రిమి కూడా ఉన్నట్టేగా! ఆయనా చూశాడనే చరిత్రకారులు ఉన్నారు. 1970ల దాకా ఎక్కువమంది పాస్టురెల్లా పెస్టిస్ అనే రాసేవారు, అంటే పాశ్చర్ పేరు. అప్పుడు యెర్సిన్‌కీ దక్కలేదు.

ల్యాబ్‌రాజు:
చూశాడంటే ఒప్పుకుంటా. కానీ ఆయన రాసిన వర్ణన పట్టుకుని ఇంకో ల్యాబ్‌వాళ్ళు ప్లేగుని గుర్తుపట్టగలరా? యెర్సిన్‌ది పట్టుకుంటే గుర్తుపడతారు. నా ఓటు ఆయనకే.

పాతకాగితాలు:
ఎలుకల్ని మర్చిపోయారు ఇద్దరూ. చచ్చిన ఎలుకల్లోనూ అదే క్రిమి ఉందని యెర్సిన్ అప్పుడే రాశాడు. ఎలుకల ఒంటి మీది ఫ్లీ అనే చిన్న పురుగు ద్వారా సోకుతుందని ఫ్రెంచ్ డాక్టర్ సిమొండ్ కరాచీలో చూపించింది 1898లో.