అమెరికా–రష్యా బాంబుల ఒప్పందం పోయింది కదా, మన రక్షణ బడ్జెట్‌కి దాంతో ఏమైనా పని ఉందా?

బరంపురం కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఓపీఎస్‌సీకి, అదే ఒడిశా సర్వీస్ కమిషన్ పరీక్షలకి చదువుతున్నా. అమెరికా, రష్యాల అణ్వాయుధాలకి హద్దు పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో అయిపోయింది కదా, అప్పట్నుంచి మా బావ ఒకటే పాట. ఇక అందరూ బాంబులు పెంచుతారు, మనమూ పెంచుతాం, బడ్జెట్ అంతా అటే పోతుంది, ఆ డబ్బే ఉంటే గంజాం, గజపతి, రాయగడ మూడు జిల్లాల్లోనూ బ్లాకుకో పెద్దాసుపత్రి కట్టొచ్చు అంటాడు. మా నాన్నేమో బాంబు ఉంది కాబట్టే సైన్యం ఖర్చు ఈమాత్రంలో ఉంది, లేకపోతే ఇంకా అయ్యేది అంటారు.

2025-26లో రక్షణకి 6.81 లక్షల కోట్లు ఇచ్చారు. అందులో అణ్వాయుధాల వాటా ఎంత? ఎంత వెతికినా ఆ లైన్ దొరకలేదు. ఎన్‌పీటీ (అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం) మీద మనం ఎందుకు సంతకం పెట్టలేదన్న గైడు జవాబు మాత్రం వద్దండీ, అది బట్టీ వచ్చేసింది.

సునాబెడ రిటైర్డ్:

బాబూ, ఆ లైన్ అసలు లేదు, ఇంకెక్కడ దొరుకుతుంది? బాంబులో పెట్టే సరుకు అణుశక్తి శాఖది, క్షిపణి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓది, జలాంతర్గామి నౌకాదళానిది. ఖర్చు తలో పద్దులో కలిసిపోయి ఉంటుంది, కావాలనే అలా ఉంచారు.

కనబడే లెక్క చెప్తాను. 6,81,210 కోట్లలో 1,60,795 కోట్లు పెన్షన్లకే పోతాయి (నాది కాదులే, విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లది అందులోకి రాదు, మాజీ సైనికులది). జీతాలు, రేషన్, ఇంధనం, రిపేర్లు వగైరాలకి 3,11,732 కోట్లు. కొత్త ఆయుధాలూ కట్టడాలూ అన్నీ కలిపి 1.8 లక్షల కోట్లు. డీఆర్‌డీఓకి మొత్తం 26,816 కోట్లు, అంటే నాలుగు శాతం కూడా కాదు, అందులో అగ్ని క్షిపణి ఒక్కటే ఉండదు, రాడార్ల దగ్గర్నుంచి టార్పెడోల దాకా అన్నీ దాంట్లోనే. ఇంకో లెక్క చూడు. 2024 సెప్టెంబర్‌లో సుఖోయ్-30 విమానాలకి 240 ఇంజన్ల ఆర్డర్ మా హెచ్‌ఏఎల్ కొరాపుట్ డివిజన్‌కి వచ్చింది, 26,000 కోట్లకి పైనే, ఎనిమిదేళ్లలో ఇవ్వాలి. ఒక్క రకం విమానానికి ఇంజన్లే డీఆర్‌డీఓ ఏడాది బడ్జెట్‌తో సమానం. డబ్బు పోయేది ఇక్కడ, మామూలు యుద్ధ సామగ్రిలోనూ మనుషుల్లోనూ. మీ బావ బాంబులు తీసేసినా ఆయన ఆసుపత్రులకి సరిపడా మిగలదు.

మీ నాన్నగారి మాట కూడా పూర్తిగా నిలబడదు. 1998 మేలో పోఖ్రాన్‌లో అణు బాంబులు పేల్చి పరీక్షించాం, ఏడాది తిరక్కుండా కార్గిల్ వచ్చింది. బాంబు ఉందని ఒక్క బెటాలియన్ అయినా తగ్గించారా?

పర్లాకిమిడి మాస్టారు:

సునాబెడ గారి లెక్క సరైనదే. ఒప్పందం సంగతి నేను చెప్తాను.

న్యూ స్టార్ట్ అంటే అందరికీ గుర్తుండేది 1,550 వార్‌హెడ్లు (క్షిపణి మోసుకెళ్లే బాంబులు), 700 క్షిపణులూ బాంబర్లూ అన్న అంకెలే. 2010 ఏప్రిల్‌లో ప్రాగ్‌లో సంతకాలు, 2011 నుంచి అమలు, 2021లో ఇంకో ఐదేళ్లు పొడిగింపు. కానీ దానికి విలువ తెచ్చింది ఆ అంకెలు కాదు. ఏడాదికి 18 సార్లు దాకా ఒకరి స్థావరాలకి ఇంకొకరు వెళ్లి కళ్లతో చూసుకునే హక్కు ఉండేది. ఎదురెదురు కొట్ల షావుకార్లు ఒకరి గోడౌన్ ఇంకొకర్ని చూడనిచ్చినట్టు అన్నమాట. చూసినవాడికి అనుమానం తగ్గుతుంది, అనుమానం తగ్గితే సరుకు ఎక్కువ పోగెయ్యక్కర్లేదు. కోవిడ్‌తో 2020 మార్చిలో ఆ తనిఖీలు ఆగాయి, మళ్లీ మొదలవ్వలేదు, 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్నే పక్కన పెట్టేసింది. మొన్న ఫిబ్రవరిలో పోయింది కాగితం, ప్రాణం ఎప్పుడో పోయింది.

ఖర్చు అంటారా, అసలు ఖర్చు అమెరికాలో చూడాలి. వాళ్ల పార్లమెంటుకి లెక్కలు కట్టే సీబీఓ 2025 నుంచి 2034 వరకు అణు బలగాలకి 946 బిలియన్ డాలర్లు అవుతుందని అంచనా వేసింది. అంటే ఏడాదికి 95 బిలియన్ల దాకా. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్కలో 2024లో మన మొత్తం సైనిక ఖర్చు 86.1 బిలియన్లు! వాళ్ల బాంబుల ఖర్చే మన సైన్యం మొత్తం ఖర్చుని దాటేసింది. మీ బావని వాషింగ్టన్‌లో ఉపన్యాసం పెట్టించండి, అక్కడైతే ఆయన పాయింటుకి బలం ఉంటుంది.

రాయగడ రైడర్:

ఒప్పందాలు, తనిఖీలు... ఉక్రెయిన్ సంగతి ఒక్కరూ ఎత్తరేం మాస్టారూ? 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో హామీ కాగితం తీసుకుని బాంబులన్నీ ఇచ్చేశారు, 2014లో క్రిమియా రష్యా చేతికి పోయింది, తర్వాత కథ టీవీలో చూస్తూనే ఉన్నాం. నా మటుకు నాకు ఆయుధ నియంత్రణ అంటే బలమున్నోడు బలం లేనోడికి చెప్పే నీతి.

పర్లాకిమిడి మాస్టారు:

రైడర్ తమ్ముడూ, ఆ కాగితం ఎవర్నీ కాపాడలేదు, అది ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఆ బాంబులు ఉక్రెయిన్ నేల మీద ఉన్నాయి గానీ మీట మాస్కో చేతిలో ఉండేది. ఇచ్చేసినందుకు అణు కరెంటు కేంద్రాలకి ఇంధనం వచ్చింది.

నీతి అన్నావు కదా, ఇది విను. 1986 ప్రాంతంలో ప్రపంచంలో దాదాపు 70,000 బాంబులు ఉండేవి. సిప్రి లెక్కలో 2025 జనవరికి 12,241. రీగన్, గోర్బచేవ్ 1987లో మధ్యశ్రేణి క్షిపణుల్ని ఏకంగా రద్దు చేసుకున్నారు (అదీ 2019లో పోయింది, వేరే సంగతి). ఇంకోటి నాకు బాగా ఇష్టమైనది. 1993లో కుదిరిన ఏర్పాటు ప్రకారం రష్యా బాంబుల్లోని 500 టన్నుల యురేనియాన్ని పలచబరిచి అమెరికాకి అమ్మింది, 2013 దాకా నడిచింది, ఆ కాలంలో అమెరికా కరెంటులో పదో వంతు దాంతోనే వచ్చింది. తమ మీద వేద్దామని చేసిన బాంబులతో వాళ్లు బల్బులు వెలిగించుకున్నారు. ఇందులో బలం లేనోడు ఎవడున్నాడు?

గోపాల్‌పూర్ ఒడ్డు:

మీ అందరి లెక్కల్లో మా లెక్క లేదండి. మాది వేట కుటుంబం. క్షిపణి పరీక్ష ఉందంటే బంగాళాఖాతంలో ఇంత మేర ఎవరూ పోకూడదని ముందే చెప్తారు. అందాకా బానే ఉంది. కబురు సరిగ్గా టైముకి అందకపోతేనే చిక్కు, డీజిల్ పోయించాక, ఐస్ గడ్డలు ఎక్కించాక బోటు ఆపుకోమంటే ఆ ఖర్చు ఎవరిస్తారు? ఇది ఏ పద్దులో ఉందో సునాబెడ పెద్దాయన చెప్పాలి. పైన బాలాసోర్ జిల్లా చాందీపూర్ దగ్గరైతే 2024 జులైలో ఒక్క పరీక్ష కోసం పది ఊళ్ల నుంచి పది వేల మందికి పైగా జనాన్ని తాత్కాలికంగా తరలించారు. పరిహారం ఇచ్చారనుకోండి.

బలియాపాల్ పేరు ఎంతమందికి తెలుసు? 1980ల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ చేయించి క్షిపణి పరీక్షల రేంజి పెడదామనుకున్నారు. తమలపాకు తోటల ఊళ్లవి, మంచి నేల. జనం ఊరి దారులకి అడ్డంగా గేట్లు కట్టి అధికారుల్ని లోపలికి రానివ్వలేదు, చివరికి ఆ ప్లాను ఆగిపోయింది. పరీక్షలు మాత్రం ఆగలేదు, చాందీపూర్‌లో, ధామ్రా ఎదురుగా ఉన్న దీవిలో జరుగుతూనే ఉన్నాయి. నేను పరీక్షలు వద్దనట్లేదు. ఖర్చు లెక్కేసేటప్పుడు ఇదీ వెయ్యండి అంటున్నా.

సునాబెడ రిటైర్డ్:

గోపాల్‌పూర్ అబ్బాయ్, ఆగిన వేటకి పద్దు లేదు. ఉండాలి. మా సునాబెడలోనూ 1960ల్లో మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ కోసం ఊళ్లు లేపారు, ఆ ఖర్చూ ఏ రక్షణ బడ్జెట్‌లోనూ కనబడదు.

బరంపురం కుర్రాడు:

అందరికీ థాంక్స్ అండీ. గోపాల్‌పూర్ అన్నా, బలియాపాల్ నాకు తెలీదు, ఇంత దగ్గర్లో ఉండి. ఇంకొక్కటే డౌట్. ఆ రెండు దేశాల ఒప్పందం లేకపోతే మన మీద పడే ఒత్తిడి చైనా వైపు నుంచేనా, లేక పాకిస్తాన్ వైపు నుంచా?

పర్లాకిమిడి మాస్టారు:

చైనా. సిప్రి ప్రకారం 2025 జనవరికి వాళ్ల దగ్గర 600 దాకా అణు వార్‌హెడ్లు, మన దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170. చైనాకి ఎవరితోనూ ఇన్ని మించకూడదన్న ఒప్పందం ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదు. అందుకే న్యూ స్టార్ట్ పోయిందని మన బడ్జెట్‌లో రేపే ఏదో పెరుగుతుందని నేననుకోను. నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. 2024 మార్చి 11న అగ్ని-5ని ఒకే క్షిపణిలో అనేక వార్‌హెడ్లతో పరీక్షించాం. అంత సామర్థ్యం వచ్చాక క్షిపణికి ఒకటి చాలు అని ఊరుకోవడం ఏ దేశానికీ అంత తేలిక కాదు, మన కనీస స్థాయి చాలు అనే విధానం ఎంతకాలం కనీసంగా ఉంటుందో చూడాలి.

పాకిస్తాన్‌తో మాత్రం చిన్న చిన్న ఒప్పందాలు బతికే ఉన్నాయి, వీటిని పరీక్షలో తప్పకుండా రాయి, చాలామంది వదిలేస్తారు. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చెయ్యకూడదని 1988 డిసెంబర్ 31న సంతకం చేశారు. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. 2025 ఏప్రిల్‌లో సింధు జలాల ఒప్పందాన్ని నిలిపేశాం, మేలో క్షిపణులు కూడా ఎగిరాయి, అయినా 2026 జనవరి 1న జాబితాలు చేతులు మారాయి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకి కనీసం మూడు రోజుల ముందు చెప్పుకోవాలని 2005 ఒప్పందం. గోపాల్‌పూర్ అబ్బాయి అడిగిన ముందస్తు కబురు ఇస్లామాబాద్‌కైతే టైముకే వెళ్తుంది!

గోపాల్‌పూర్ ఒడ్డు:

హహ. ఆ జాబితాలో మా బోట్ల సంఘం ఫోన్ నంబర్ కూడా రాయించండి మాస్టారూ.

సునాబెడ రిటైర్డ్:

కుర్రాడా, బడ్జెట్ కాగితాల్లో రక్షణ శాఖకి 19 నుంచి 22 వరకు నాలుగు డిమాండ్లు, అంటే ఖర్చు పద్దులు ఉంటాయి. 22 పెన్షన్లు, 21 కొనుగోళ్లు. వార్తలు చదివి కూర్చోకుండా ఆ నాలుగూ డౌన్‌లోడ్ చేసుకో, మీ బావకి కూడా ఒక కాపీ పంపు.