పాత సీజే-3బీ జీపును రోజూ నడపాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తుప్పుబండి (ప్రశ్న)

నమస్కారం. చాలా ఏళ్లుగా షెడ్డులో కదలకుండా పడి ఉన్న మా పెదనాన్నగారి సీజే-3బీ జీపు ఈ మధ్యే నా చేతికి వచ్చింది. అమెరికాలో 1953 నుంచి 1968 వరకు తయారైన, బానెట్టు బాగా ఎత్తుగా ఉండే మోడల్ ఇది. ఇంజన్ పట్టేయలేదు, ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, హ్యాండిల్‌తో తిప్పితే సాఫీగా తిరుగుతోంది. ఛాసిస్ మీద పైపై తుప్పే తప్ప ఎక్కడా చిల్లులు కనిపించలేదు కానీ, ఫ్లోరు రేకు మాత్రం రెండు చోట్ల పెచ్చులుగా ఊడి వస్తోంది. కరెంటు వ్యవస్థ ఇంకా 6 వోల్టులదే.

నాకు ప్రదర్శనకు పెట్టే బండి అక్కర్లేదు. వానలోనూ, రాత్రిపూటా, ట్రాఫిక్‌లోనూ రోజూ పనికి తీసుకువెళ్లి, అదే బండిలో తిరిగి రాగలిగితే చాలు. ఒకరేమో మొత్తం విప్పేసి, ఉత్త ఛాసిస్ దగ్గర మొదలుపెట్టి కట్టుకు రమ్మంటున్నారు. ఇంకొకరు ముందు ఇంజన్ ఓవర్‌హాల్ చేయించి, తక్కినవన్నీ నడుపుతూ చూసుకోమంటున్నారు. రెండూ నాకు పూర్తిగా నచ్చలేదు. ఏ వరుసలో పని చేస్తే బండిని నమ్ముకోవచ్చో, 6 వోల్టులను 12కు మార్చడం తప్పనిసరో కాదో, దీనితో ఎంత వేగం ఆశించవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నాలుగు చక్రాలు

తుప్పుబండి గారూ, మీకు అందిన రెండు సలహాల్లో మొదటిదాని వల్లే ఎక్కువ జీపులు అట్టపెట్టెల్లో మిగిలిపోతున్నాయి. పూర్తిగా విప్పిన బండికి డబ్బు, చోటు, ఓపిక మూడూ ఒకేసారి కావాలి. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా పని ఆగిపోతుంది, ఆగిన తర్వాత ఏ నట్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. మీ ఛాసిస్ నిజంగా గట్టిగా ఉంటే బాడీని దాని మీద నుంచి దించవలసిన అవసరమే లేదు. అయితే ఆ గట్టితనాన్ని కంటితో తేల్చకండి. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి: మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. కమాన్ల బ్రాకెట్ల దగ్గర, ముందు క్రాస్‌మెంబర్ దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట వైర్ బ్రష్‌తో రంగు గీకి, వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

ఆ పరీక్ష గట్టెక్కితే మొదటి పని బ్రేకులు. నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములే, అన్నిటికీ కలిపి ఒకే సర్క్యూట్ ఉన్న మాస్టర్ సిలిండర్. అంటే ఎక్కడ ఒక గొట్టం పగిలినా మొత్తం బ్రేకు పోతుంది. పైగా ఆ సిలిండర్ ఫ్లోరు కింద, నీళ్లూ బురదా కొట్టే చోట ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు పైకి బాగున్నట్టే ఉండి లోపల ఉబ్బిపోతాయి; పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడికి ఆయిల్ చక్రం దాకా వెళ్తుంది గానీ, వదిలినప్పుడు వెనక్కి రాదు, దాంతో ఆ చక్రం పట్టుకుని ఉండి డ్రమ్ము కాలిపోతుంది. ఈ లక్షణం చూసి లైనింగులు మార్చేవారు చాలామంది; అసలు తప్పు గొట్టానిది. గొట్టాలు, చక్రాల సిలిండర్లు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి వేసి, మాస్టర్ సిలిండర్ స్థానంలో రెండు సర్క్యూట్లది పెట్టండి. బండి అసలు రూపం చెడిపోతుందని బాధపడేవారు ఉంటారు కానీ, రోజూ ట్రాఫిక్‌లోకి వెళ్లే బండికి ఆ బాధ అనవసరం. డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 దాకా దిగిపోవచ్చు, కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

హ్యాండ్ బ్రేకు గురించి ఒక హెచ్చరిక. దాని డ్రమ్ము చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. అందువల్ల వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపగానే, డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం స్వేచ్ఛగా తిరిగి, బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లిపోగలదు. చక్రాలకు అడ్డు పెట్టకుండా ఈ బండి కిందికి ఎప్పుడూ వెళ్లకండి.

తర్వాత స్టీరింగ్. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పించండి. మీరు కింద పడుకుని స్టీరింగ్ బాక్సు నుంచి ముందు చక్రం దాకా ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడండి. డ్రాగ్ లింకు, ముందు క్రాస్‌మెంబర్ మీది బెల్‌క్రాంకు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్నులు, కమాన్ల షాకిళ్లు, ఇలా ప్లే (కీళ్లలోని వదులు) అంతా చోటుకి కాస్త చొప్పున పోగై ఉంటుంది. చాలామంది ఇవన్నీ వదిలేసి బాక్సు మీది స్క్రూ ఒక్కటే బిగిస్తారు. ఆ బాక్సు ముందు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే అన్నిటికంటే బిగువుగా ఉండేలా చేసినది. అవి పక్కకు తిరిగి ఉన్నప్పుడు స్క్రూ బిగిస్తే తిన్నగా వచ్చేసరికి పట్టేస్తుంది.

6 వోల్టులను మార్చనక్కర్లేదని నా అభిప్రాయం. తగినంత లావు తీగలు, శుభ్రమైన ఎర్త్ ఉంటే అది బాగానే పనిచేస్తుంది.

మల్టీమీటర్

బ్రేకుల గురించి పై మిత్రులు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. 6 వోల్టుల విషయంలో మాత్రం కాదు. పాత జాయింట్లలో అర వోల్టు పోయిందనుకోండి: 12 వోల్టుల బండిలో అది 4 శాతం, 6 వోల్టుల బండిలో 8 శాతం. బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది కనుక రాత్రి వానలో ఆ తేడా రోడ్డు మీద స్పష్టంగా తెలుస్తుంది. ప్రశ్న అడిగినవారు రాత్రిపూట, ట్రాఫిక్‌లో అన్నారు. ఐడ్లింగ్‌లో పాత డైనమో దాదాపుగా ఛార్జింగ్ ఇవ్వదు, హెడ్‌లైట్లు వేసి సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ బ్యాటరీ నుంచే తింటుంది. కాబట్టి 12 వోల్టుల ఆల్టర్నేటర్, దానికి తగిన కాయిల్, బల్బులు, గేజీలు పెట్టుకుని, తీగలన్నీ కొత్తగా ఫ్యూజులతో లాగించడమే మేలు. బట్ట చుట్టిన పాత తీగలను వంచి చూడండి, ఇన్సులేషన్ పొడిపొడిగా రాలితే ఇక చర్చ అవసరం లేదు.

వోల్టేజీ ఏదైనా ఎర్త్ మాత్రం చూడాలి. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది గనుక దానికీ ఛాసిస్‌కూ మధ్య అల్లిక పట్టీ ఉండాలి. అది ఊడిపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ రాడ్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ నాబ్ వేడెక్కిందంటే కారణం అదే. మల్టీమీటర్ ఒక మొనను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ముల్లు పావు వోల్టు దాటిందంటే ఎక్కడో తుప్పు ఉన్నట్టే.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది పెట్రోలు ట్యాంకు సంగతి. అది డ్రైవరు సీటు కిందే ఉంటుంది, ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే లోపలంతా తుప్పు పడుతుంది. ఇలాంటి బండి స్టార్టయి, కొంత దూరం చక్కగా నడిచి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు ఆగాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. పెట్రోలు లాగే పైపు మూతికి తుప్పు పెచ్చులు వచ్చి అతుక్కుంటాయి, ఇంజన్ ఆగితే లాగుడు పోయి కిందికి రాలిపోతాయి. దీన్ని వేపర్ లాక్ (వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై దారి అడ్డుకోవడం) అనుకుని కార్బురేటర్ చుట్టూ తడిబట్టలు కట్టేవారు ఉన్నారు. వేడెక్కాక చెడే కాయిల్, కండెన్సర్ కూడా ఇదే ఆట ఆడతాయి కనుక, బండి ఆగిన చోటే, ఆగిన వెంటనే తేల్చుకోవాలి. ముందు ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి లాక్కుంటే గాలి రంధ్రం మూసుకుపోయింది. తర్వాత ఒక ప్లగ్గు విప్పి బ్లాకుకు ఆనించి స్పార్క్ చూడండి, అయితే మూత తెరిచిన ట్యాంకుకూ, కారుతున్న పెట్రోలుకూ దూరంగా. స్పార్క్ బాగుంటే తప్పు పెట్రోలు దారిలోనే ఉంది. ట్యాంకును దించి, శుభ్రం చేయించి, లోపల పూత వేయించడమో, కొత్తది పెట్టడమో చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది కాబట్టి గొట్టాలు, పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకునేవే వేయాలి.

తుప్పుబండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. చోక్ నాబ్ నిజంగానే వేడెక్కుతోంది, అల్లిక పట్టీ అసలు లేనే లేదు. బ్రేకులు, ట్యాంకు మీరు చెప్పినట్టే మొదలుపెడతాను. 12 వోల్టులకే మారుతున్నాను. ఈలోగా కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) చూశాను. మూడు సిలిండర్లు 110 పీఎస్‌ఐ దగ్గర ఉన్నాయి, ఒకటి మాత్రం 70 దాటడం లేదు, అందులో చెంచాడు నూనె పోసి చూసినా మారలేదు. ఇలాంటప్పుడు ఇంజన్ దించేసి, వేరే డీజిల్ ఇంజన్ పెట్టుకోవడమే మేలని ఇక్కడి మెకానిక్ గారు అంటున్నారు.

ట్యాపెట్

దించకండి. నూనె పోసినా అంకె పెరగలేదంటే రింగులు బాగున్నాయి, లీకు చాలావరకు వాల్వు దగ్గరే. ఈ హరికేన్ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద బ్లాకు పక్కనున్న కవరు విప్పితే వాటి స్ప్రింగులూ, వాటిని పైకి నెట్టే ట్యాపెట్లూ బయటపడతాయి, హెడ్డు తీయనక్కర్లేదు. ఒకరు హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతుంటే మీరు టార్చి వేసి చూడండి: ఆ సిలిండర్ వాల్వు మిగతావాటిలా టక్కున దిగకుండా సగంలో నిలబడితే, చాలాకాలం కదలక గైడులో తుప్పు పట్టిందన్నమాట. తుప్పు వదిలించే నూనె వాల్వు కాడ మీద కొట్టి, రాత్రంతా నాననిచ్చి, మళ్లీ తిప్పండి. వాల్వు బాగానే దిగుతుంటే దానికీ ట్యాపెట్‌కూ మధ్య గ్యాపు కొలవండి. సీటు అరిగేకొద్దీ వాల్వు కిందికి దిగి ట్యాపెట్‌కు ఆనుకుంటుంది, గ్యాపు మాయమవుతుంది. అప్పుడది సీటు మీద పూర్తిగా కూర్చోక, వేడిని బ్లాకుకు దాటించలేక అంచు కాలిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్యాపు పెట్టి మళ్లీ కంప్రెషన్ చూడండి. అప్పటికీ పెరగకపోతేనే హెడ్డు తీసి సీట్లు రుద్దించాలి. డీజిల్ ఇంజన్ వేస్తే మౌంటులు, క్లచ్చు, రేడియేటర్, చివరికి గేర్‌బాక్సు వరకు అన్నీ మారుతూ పోతాయి, పాత బండి నమ్మకం కూడా దాంతోపాటే పోతుంది.

వేగం గురించి ఎవరూ చెప్పలేదు. 6.00-16 టైర్లు, 5.38 యాక్సిల్ నిష్పత్తితో టాప్ గేరులో గంటకు 70 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది; 95కు వెళ్తే 3,900 దగ్గరకు చేరుతుంది. ఈ ఇంజన్ గరిష్ఠ శక్తి ఇచ్చేదే 4,000 దగ్గర గనుక 95 మీద గంటల తరబడి తోలితే అది ఎక్కువకాలం నిలవదు. రోజువారీకి 65 నుంచి 70 హాయిగా ఉంటుంది. అంతకు మించి కావాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక పీటీఓ (ఇంజన్ శక్తిని బయటి యంత్రాలకు అందించే భాగం) బిగించే చోట పట్టే ఓవర్‌డ్రైవులు, అంటే అదనపు గేరు పెట్టెలు ఉన్నాయి. అవి ఇంజన్ చుట్లను పావు వంతు మేర తగ్గిస్తాయి. బ్రేకులు పూర్తయ్యేదాకా దాని జోలికి వెళ్లకండి.

గేర్‌బాక్సులో ఆయిల్ మార్చేటప్పుడు జీఎల్-4 రకమే అడగండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం మందులు సింక్రో రింగుల (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగుల) ఇత్తడిని తింటాయి. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టులూ గేర్లూ మోయాలి. ఇంకొకటి, గేర్‌బాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య సీలు అరిగితే ఆయిల్ ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి చేరుతుంది. బయట చుక్క కూడా కారదు గనుక ఎవరికీ అనుమానం రాదు. రెండు లెవెల్ ప్లగ్గులూ విప్పి చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు ప్లగ్గు విప్పగానే ఆయిల్ పొర్లి, గేర్‌బాక్సులో వేలికి అందకపోతే, కొత్త ఆయిల్ పోసే ముందే ఆ సీలు మార్పించండి.