నవంబర్ నుంచి 90 రోజులు, ఇద్దరం, ఐదు లక్షలు: ఈ దారి సరిగ్గా ఉందా?

అరండల్‌పేట_గుంటూరు

అందరికీ నమస్కారం. మావారూ నేనూ 2026 నవంబర్ 25 ప్రాంతంలో బయల్దేరి ఐదు దేశాలు తిరిగి రావాలని అనుకుంటున్నాం. విమానాలతో కలిపి ఇద్దరికీ ఐదు లక్షలు దాటకూడదు.

అనుకున్న దారి ఇది: చెన్నై నుంచి బ్యాంకాక్, అక్కణ్ణుంచి బస్సులో కంబోడియా, తర్వాత వియత్నాం దక్షిణం నుంచి ఉత్తరానికి (జనవరి, ఫిబ్రవరి మొదటి వారం), లావోస్, ఫిబ్రవరి సగం దాటాక ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్, చివర మలేసియా. ఒక్కో ఊళ్లో రెండు మూడు రోజులు, మొత్తం ముప్పై ఊళ్లు. ఆయన పూర్తి శాకాహారి, నేను గుడ్డు తింటాను. అవకాశం ఉన్నచోట స్కూటీ అద్దెకి తీసుకోవాలని ఉంది. ఇందులో ఎక్కడ దెబ్బతింటామో చెప్పండి.

పటమట_లైన్

దేశాలు సరే, దిక్కే తిరగబడింది. మీ వరసలో మూడు చోట్ల ఇబ్బంది ఉంది.

ఒకటి, థాయ్‌లాండ్-కంబోడియా భూసరిహద్దు. 2025 మధ్యలో మొదలైన ఘర్షణలతో ఆ దారి మూతపడింది. మళ్లీ తెరిచారన్న కబురు వచ్చినా ఆ బస్సు మీద యాత్ర మొత్తాన్ని నిలబెట్టకండి. రెండు, 2027లో వియత్నాం కొత్త సంవత్సరం టెట్ ఫిబ్రవరి 6న. దానికి ముందు వారం రైళ్లు, బస్సులు కిటకిటలాడతాయి, పండగ రోజుల్లో హోటళ్లు సగం మూసి ఉంటాయి. మూడు, ఫిబ్రవరి సగం దాటాక చియాంగ్ మాయ్ చుట్టూ, ఉత్తర లావోస్‌లో పొలాలు, అడవులు తగలబెడతారు. ఏప్రిల్ దాకా కొండలు కూడా కనపడనంత పొగ.

కాబట్టి ఇలా తిప్పండి. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10: బ్యాంకాక్, సుఖోథాయ్, చియాంగ్ మాయ్, చియాంగ్ రాయ్. చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ నది వంతెన దాటితే లావోస్‌లో హువే సాయ్. వంతెన మీద నడవనివ్వరు, షటిల్ బస్సే ఎక్కాలి. హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి నెమ్మది పడవలో రెండు రోజులు, రాత్రి పాక్‌బెంగ్‌లో బస. డిసెంబర్ పొద్దుటి పూట ఆ నది మీద గాలి కోసేస్తుంది, స్వెటర్లు పెద్ద బ్యాగులో పడేయకుండా చేతికందేలా పెట్టుకోండి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి వాంగ్ వియెంగ్, వియెంటియాన్ దాకా 2021 డిసెంబర్లో మొదలైన కొత్త రైలుంది. నేరుగా వెళితే రెండు గంటల్లోపే. స్టేషన్లు ఊళ్లకి దూరం, తనిఖీ విమానాశ్రయంలాగే. చాకు, కత్తెర, స్ప్రే డబ్బాలు తీసేసుకుంటారు. దోమలకి స్ప్రే బదులు క్రీమ్ పెట్టుకోండి.

వియెంటియాన్ నుంచి హనోయ్‌కి విమానమే మేలు. బస్సులో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మిగిలే డబ్బుకి ఆ నడుంనొప్పి తగదు. డిసెంబర్ 25 నుంచి జనవరి 28 దాకా వియత్నాం, ఉత్తరం నుంచి దక్షిణానికి: హనోయ్, నిన్ బిన్, హ్యూ, హోయ్ ఆన్, సైగాన్ (హో చి మిన్ సిటీ). అక్టోబర్, నవంబర్లలో హ్యూ, హోయ్ ఆన్‌లను ముంచే వరదలు అప్పటికి తగ్గి ఉంటాయి, జల్లులు మాత్రం ఉంటాయి. హ్యూ నుంచి డానాంగ్ రైలు తప్పకుండా పగలే ఎక్కండి. దక్షిణానికి వెళ్తుంటే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది, టికెట్ కొనేటప్పుడే ఆ వైపు సీట్లు చూసుకోండి.

సైగాన్ నుంచి ఫ్నోం పెన్‌కి మోక్ బాయ్-బావెట్ సరిహద్దు మీదుగా బస్సు, ఆరేడు గంటలు. ఫిబ్రవరి 12 దాకా కంబోడియాలోనే ఉండండి. ఫిబ్రవరి 6 చైనీస్ కొత్త సంవత్సరం కూడా కాబట్టి ఆ వారం మలేసియాలోని పెనాంగ్‌లో గదుల ధరలు మండిపోతాయి. తర్వాత సియెం రీప్ నుంచి కౌలాలంపూర్ విమానం, పెనాంగ్, ఇపో చూసుకుని చెన్నై. మలేసియా తూర్పు తీరం దీవులు ఆ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వల్ల దాదాపు మూసే ఉంటాయి, పడమటి తీరమే పెట్టుకోండి.

ముప్పై ఊళ్లు వద్దండీ. పద్నాలుగు, పదిహేను చాలు. ఊరు మారిన ప్రతిసారీ బస్సు, రెండు ఆటోలు, ఎలా ఉందో చూడకుండా తొందరలో తీసుకున్న గది: డబ్బు పోయేది అక్కడే. అయిదారు రాత్రులు ఒకేచోట ఉంటామంటే గెస్ట్‌హౌస్ వాళ్లు అడగ్గానే ధర తగ్గిస్తారు.

కృష్ణలంక_పద్దు

పై దారికి లెక్క. రాకపోకల విమానాలు సామానుతో ఇద్దరికీ సుమారు 50 వేలు, మధ్యలో రెండు విమానాలకి 40 నుంచి 45 వేలు, వీసాలకి 18 వేలు, ఇన్సూరెన్స్‌కి 10, 12 వేలు. అంటే సుమారు లక్షా పాతిక ముందే పోతుంది. మిగిలిన మూడు లక్షల డెబ్బై ఐదు వేలని 90తో భాగిస్తే రోజుకి 4,150. గది 1,500, తిండి 1,200, బస్సులు, టికెట్లు, సిమ్ కలిపి 1,000, మిగతాది ఊహించని ఖర్చుకి. బిగుతుగానే ఉంటుంది, సాధ్యమే.

డార్మిటరీల జోలికి పోకండి. రెండు మంచాల అద్దె కలిపితే చాలా ఊళ్లలో విడి గది ధరే అవుతుంది. పెద్ద ఖర్చు సియెం రీప్ దగ్గరి ఆంగ్‌కోర్ గుడులు. ఒక్కరోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. మూడు రోజుల పాస్‌ని పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, వరసగా తిరగక్కర్లేదు. మీకు అదే సరిపోతుంది.

కార్డుల సంగతి. మామూలు డెబిట్ కార్డు విదేశంలో గీకితే 3.5 శాతం దాకా మార్కప్ (కరెన్సీ మార్పిడికి బ్యాంకు కోసేది), దాని మీద జీఎస్టీ. మార్కప్ లేని కార్డులు రెండు, వేర్వేరు ఖాతాలవి, ఒకటి మీ బ్యాగులో, ఒకటి ఆయన బ్యాగులో. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి బయల్దేరండి, మొదట్లో అది ఆపేసే ఉంటుంది. ఓటీపీల కోసం ఒక నంబర్‌కి ఇక్కడున్నప్పుడే రోమింగ్ పెట్టించండి, అక్కడికి వెళ్లాక చేయించడం తలనొప్పి. థాయ్ ఏటీఎం తీసిన ప్రతిసారీ 220 బాత్‌లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే కోస్తుంది, కాబట్టి చిన్న మొత్తాలు తీయకండి. మెషీన్ "రూపాయల్లోకి మార్చి తీయాలా" అని అడిగితే వద్దని నొక్కండి, ఆ రేటు ఎప్పుడూ నష్టమే.

విజయవాడలో గానీ గుంటూరులో గానీ లైసెన్స్ ఉన్న మనీ ఛేంజర్ దగ్గర ఓ 400 డాలర్లు నోట్లుగా తీసుకోండి, ఎక్కువ 20లు, 10లు. అక్కడే ఒక్కో నోటూ వెలుతురుకి పెట్టి చూడండి. అంచు చిరిగినా, పెన్ను గీత ఉన్నా కంబోడియాలో తీసుకోరు. లావోస్ కిప్పులు మాత్రం ఆ దేశం దాటేలోపే ఖర్చుపెట్టేయాలి, బయట మార్చేవాళ్లు దొరకరు.

బ్రాడీపేట_4వ_లైన్

కాగితాల్లో జరిగే పొరపాట్లు చెబుతాను.

వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, దరఖాస్తు ఎవరిది వాళ్లదే. చిరునామా చివర జీవోవీ డాట్ వీఎన్ ఉన్న సైటే అసలుది. మన ఇంటిపేర్లతో ఇక్కడే చిక్కు. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి చూడండి, పేరు అందులో ఎలా ఉందో అదే వరసలో, అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా విమానం ఎక్కనివ్వకపోవచ్చు, కట్టిన ఫీజు వెనక్కి రాదు. ప్రవేశం హనోయ్‌లోని నోయ్ బాయ్ విమానాశ్రయం, నిష్క్రమణ మోక్ బాయ్ అని ఇద్దరివీ ఒకేలా పెట్టండి.

థాయ్‌లాండ్‌కి 2024 జులై నుంచి మనవాళ్లకి వీసా లేకుండా 60 రోజులిచ్చారు. ఆ నియమం మారి ఉండొచ్చు, టికెట్ కొనేముందు ఎంబసీ సైట్ చూసుకోండి. 2025 మే నుంచి ఆన్‌లైన్ రాక కార్డు తప్పనిసరి, దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. మలేసియాకి కూడా అలాంటి కార్డే ఉంది. రెండూ ఉచితం, డబ్బడిగే సైటు కనపడితే మూసేయండి. లావోస్ వీసా సరిహద్దులోనే ఇస్తారు, ఫోటో, డాలర్లు సిద్ధంగా ఉంచండి. బాత్‌లలో కడితే ఎక్కువ పడుతుంది. కంబోడియాది 30 డాలర్లు, ఈ-వీసా ముందే ప్రింట్ తీసుకుంటే బస్సులో క్లీనర్ "వీసా నేను చేయిస్తా" అని పైన అడిగే డాలర్లు మిగులుతాయి.

చెన్నై కౌంటర్లో "థాయ్‌లాండ్ నుంచి బయటికి టికెట్ ఏది" అని అడగొచ్చు. మీరు సరిహద్దు దాటేది షటిల్ బస్సులో, ఫిబ్రవరి తిరుగు టికెట్ థాయ్ గడువు లోపల రాదు. అందుకని గడువులోపు తేదీతో, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే టికెట్ ఒకటి చేతిలో ఉంచుకోండి. పాస్‌పోర్టుకి యాత్ర ముగిసే నాటికి కూడా ఆరు నెలల గడువు, కనీసం ఎనిమిది ఖాళీ పేజీలు ఉండాలి. లేకపోతే ఇప్పుడే రీఇష్యూకి పెట్టండి, 60 పేజీలదైతే ఫీజు 2,000.

అరండల్‌పేట_గుంటూరు

చాలా థాంక్సండీ, దారి మొత్తం తిప్పేస్తున్నాం. స్కూటీ, శాకాహారం సంగతి ఎవరూ చెప్పలేదు. పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా?

పటమట_లైన్

స్కూటీ మీద వియత్నాంలో ఆశ వదులుకోండి. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింది పర్మిట్లనే. బండి అద్దెకి ఇచ్చేస్తారు, ఎవరూ అడగరు కూడా, కానీ కాలు విరిగితే లైసెన్స్ చెల్లదని ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు. హోయ్ ఆన్, నిన్ బిన్ రెండూ సైకిల్‌కి సరిగ్గా సరిపోయే చదును ఊళ్లు. థాయ్‌లాండ్‌లో పర్మిట్ చెల్లుతుంది, అయితే మీ లైసెన్స్‌లో కారు ఒక్కటే ఉంటే చాలదు, టూ వీలర్ ఉండాలి.

తిండికి థాయ్‌లాండ్‌లో పసుపు మీద ఎర్ర అక్షరాలతో "జే" బోర్డు, వియత్నాంలో "చాయ్" అని రాసిన హోటల్ వెతకండి. వాళ్ల చాంద్రమాన నెలలో ఒకటో రోజున, పదిహేనో రోజున (అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో) అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో మామూలు వీధుల్లో కూడా శాకాహారం దొరుకుతుంది. మిగతా రోజుల్లో "కూరగాయలే" అన్నా చేపల సాస్ పడుతుంది. "చేప సాస్, రొయ్యల ముద్ద, మాంసం ఉడికించిన నీళ్లు వద్దు" అని ఆయా భాషల్లో రాయించి ఫోన్లో పెట్టుకోండి, ఆ మూడూ విడివిడిగా రాస్తేనే పని జరుగుతుంది.

నూనె పచ్చళ్లు చేతి బ్యాగులో ద్రవంగా లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. చెక్-ఇన్ సామానులో వేయొచ్చు గానీ 90 రోజుల బస్సు ప్రయాణాల్లో సీసా కారడం ఖాయం. కందిపొడి, నువ్వులపొడి అరకిలో చొప్పున, వంద గ్రాముల పొట్లాలుగా సీల్ వేయించుకోండి. అన్నం ఆ దేశాలన్నిట్లోనూ దొరుకుతుంది, పొడి కలుపుకుంటే ఆయనకి ఏ రాత్రీ పస్తు ఉండదు.