సుంకాల గొడవల వార్తలు చదివితే ఇంగ్లీష్ పదాలు నిజంగా వస్తాయా?

పాలేరు
గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లీష్ పేపర్‌కీ, ఐఈఎల్‌టీఎస్‌కీ చదివేవాళ్ళకి "రోజూ ట్రేడ్ వార్ వార్తలు చదవండి, వొకాబులరీ దానంతటదే వస్తుంది" అని చాలామంది చెబుతున్నారు. ఇది పనిచేసే పద్ధతేనా? లేక ఆ గంట మామూలు పదాల మీద పెట్టడం మేలా? కారణాలతో చెప్పండి.

పదగణితం
దానంతటదే రాదండి. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే వందలో 98 పదాలు ముందే తెలిసి ఉండాలి. ఆ లెక్కన వార్తాపత్రికకి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక మూలపదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని పద పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో తేల్చారు. 400 పదాల వార్తలో 2 శాతం అంటే 8 కొత్త పదాలు. మూడు వేల పదాలతో వచ్చే అభ్యర్థికి అదే వార్తలో 20 నుంచి 40 దాకా తగులుతాయి. రెండు లైన్లకోసారి డిక్షనరీ తీస్తే అసలు విషయం జారిపోతుంది, పదమూ నిలవదు. పైగా 'కౌంటర్‌వెయిలింగ్' (అవతలి దేశం సబ్సిడీకి విరుగుడుగా వేసే సుంకం) అని కష్టపడి నేర్చుకుంటే బిజినెస్ పేజీ దాటాక అది మళ్ళీ ఎక్కడ కనబడుతుంది?

మెయిన్స్ మాస్టారు
లెక్క సరే. కానీ అది ఏదో ఒక వార్త తీసి చదివేవాళ్ళకి వర్తించే లెక్క. ఒకే వివాదాన్ని పట్టుకుని వరసగా పది వార్తలు చదివితే పరిస్థితి మారుతుంది. మొదటి వార్తలో 30 కొత్త పదాలుంటే, నాలుగో దానికి వాటిలో చాలా భాగం పాతవైపోతాయి, ఎందుకంటే మనుషులూ సరుకులూ క్రియలూ అవే. భాషాభ్యాస పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ 'నారో రీడింగ్' అన్నది దీన్నే.

పైగా మనకి కావలసింది 'కౌంటర్‌వెయిలింగ్' కాదు, దాని పక్కన నిలబడే క్రియలు. ఇంపోజ్, ఇన్వెస్టిగేట్, కాంపెన్సేట్ మూడూ పరిశోధకురాలు ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో కూర్చిన 570 అకడమిక్ పద కుటుంబాల జాబితాలో ఉన్నాయి. ఎస్సేలో, ప్రెసీలో, ఆఫీసు లెటర్లో రోజూ పనికొచ్చేవి ఇవి.

వీటిని విడిగా రాసుకోకండి. వెంట వచ్చే ప్రిపొజిషన్‌తో కలిపి రాయండి: ఇంపోజ్ ఆన్, ఎగ్జెంప్ట్ ఫ్రమ్, రిటాలియేట్ ఎగెనెస్ట్, కంప్లై విత్, అక్యూజ్ ఆఫ్. మన పిల్లల పేపర్లలో మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. 'కంప్లై టు' అని రాస్తారు. 'డిమాండ్' క్రియగా వాడినప్పుడు కూడా 'ఫర్' తగిలిస్తారు. వార్తకి ఐదారు పదాలు చాలు. కార్డు ముందువైపు వార్తలోని వాక్యాన్నే ఖాళీతో రాసి, వెనకవైపు జవాబు పెట్టుకోండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి తిరగేయండి. టారిఫ్, డ్యూటీ, లెవీ లాంటి దగ్గరి అర్థాల మాటలు ఒకేరోజు పెట్టుకోవద్దు, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

భారం తగ్గాలంటే ముందు అదే వార్త తెలుగు పత్రికలో చదివి, తర్వాత ఇంగ్లీష్‌కి వెళ్ళండి.

రేవు కాగితాలు
మాస్టారూ, ఆ చివరి సలహాతోనే నాకు పేచీ. 2025లో ట్రంప్ ప్రకటించిన రెసిప్రొకల్ టారిఫ్‌లని మన పత్రికలూ ఛానళ్ళూ ఎక్కువగా 'ప్రతీకార సుంకాలు' అన్నాయి. 2019 జూన్‌లో అమెరికా బాదం, ఆపిల్, వాల్‌నట్ లాంటి 28 సరుకుల మీద భారత్ వేసిన రిటాలియేటరీ టారిఫ్‌లకీ అదే మాట వాడారు. మొదటివి 'మీరు మా మీద ఎక్కువ వేస్తున్నారు కాబట్టి' అంటూ తానే ముందుకొచ్చి వేసినవి. రెండోవి దెబ్బ తగిలాక తిరిగి వేసినవి. తెలుగు వార్తని తాళంచెవిగా పెట్టుకున్నవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. కథ కోసం తెలుగు వార్త చదవండి, అర్థం మాత్రం ఇంగ్లీష్ వాక్యం నుంచే తీసుకోండి.

ఇక 'కౌంటర్‌వెయిలింగ్' ఎక్కడ కనబడుతుందన్న ప్రశ్న. మన రొయ్యనే చూడండి. అమెరికాలో దిగే భారత రొయ్య మీద 2005 నుంచి యాంటీ డంపింగ్ డ్యూటీ ఉంది: న్యాయమైన ధర కన్నా తక్కువకి అమ్మారన్న ఆరోపణ మీద. 2024 చివర్లో కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ చేరింది, చాలామంది ఎగుమతిదార్లకి 5.77 శాతం: సర్కారు సబ్సిడీ వల్ల సరుకు చవకైందన్న ఆరోపణ మీద. ఆపైన 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25 శాతం టారిఫ్ వేశారు. ఆ ఏడాది ఒకే రొయ్య మీద ఇన్ని పన్నులు, ప్రతిదానికీ వేరే కారణం, వేరే పేరు. భీమవరంలోనో నెల్లూరులోనో ఎగుమతి ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్ళకి ఇవి అరుదైన పదాలు కావు.

ఇంకో సంగతి. 'టారిఫ్ ఆన్ ఇండియా' అని చదివి ఆ డబ్బు భారత్ కడుతుందనుకుంటారు. కస్టమ్స్‌కి కట్టేది అమెరికా దిగుమతిదారు. అతను ఆ భారాన్ని ధర తగ్గించమని మన వైపు నెడతాడు, అది వేరే కథ.

పదగణితం
రొయ్య ఉదాహరణ ఒప్పుకుంటాను, ఉద్యోగానికి కావలసిన వాళ్ళ వరకు. మిగతా వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, అది హెడ్‌లైన్లు. స్లాప్ (విధించడం), కర్బ్ (అదుపు), మల్ (ఆలోచించడం), ప్రోబ్ (విచారణ), స్పాట్ (ఎస్-పి-ఎ-టి, చిన్న గొడవ), పాక్ట్ (ఒప్పందం) లాంటివి చోటు కలిసొస్తుందని పెట్టే పొట్టి మాటలు. ఎస్సేలో 'ది గవర్నమెంట్ స్లాప్డ్ టారిఫ్స్' అని రాస్తే తేలిపోతుంది. హెడ్‌లైన్‌లో వర్తమానం గతాన్ని చెబుతుంది, 'టు' భవిష్యత్తుని చెబుతుంది. ఆ వ్యాకరణం అలవాటైతే వాక్యాలు పాడవుతాయి. 'రో' అని చదివేసే ఆర్-ఓ-డబ్ల్యూ మాటని గొడవ అన్న అర్థంలో 'రౌ' అని పలకాలి.

మనకి ముందే తెలుసనుకునే మాటలు మరీ ప్రమాదం. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైనట్టు. వార్తలో శాంక్షన్స్ అంటే ఆంక్షలు. టారిఫ్ అనగానే కరెంటు టారిఫ్ గుర్తొస్తుంది. డంపింగ్ అనగానే చెత్త యార్డు. తెలియని పదానికైతే డిక్షనరీ తీస్తారు, వీటికి తీయరు.

మెయిన్స్ మాస్టారు
హెడ్‌లైన్ వదిలేసి రెండో పేరా నుంచి చదవమనండి, ఆ చిక్కు చాలావరకు పోతుంది. తెలుగు వార్త విషయంలో రేవు కాగితాలు గారి దిద్దుబాటు సరైనదే. అలాగే రికమెండ్‌కీ ఇంపోజ్‌కీ తేడా గమనించమనండి. మన దేశంలో యాంటీ డంపింగ్ కేసు విచారించి సిఫార్సు చేసేది వాణిజ్య శాఖ కింది డీజీటీఆర్ అనే విభాగం, సుంకం విధించేది ఆర్థిక శాఖ. కాంప్రహెన్షన్‌లో ఈ రెండు క్రియల్నీ తారుమారు చేసి తప్పు ఆప్షన్ తయారుచేయడం సులువు. పర్సెంట్, పర్సెంటేజ్ పాయింట్ కూడా అంతే. సుంకం 25 నుంచి 50కి చేరితే పెరిగింది 25 పాయింట్లు, కానీ వంద శాతం.

పాలేరు
మరి ఏ వివాదంతో మొదలుపెట్టాలి?

రేవు కాగితాలు
ముగిసిపోయిన దానితో. నడుస్తున్న వివాదంలో అంకెలు వారం వారం మారతాయి, కొత్తవాళ్ళు తికమకపడతారు. ఆస్ట్రేలియా బార్లీ కేసు బాగుంటుంది. 2018లో చైనా విచారణ మొదలుపెట్టింది, 2020 మేలో మొత్తం 80.5 శాతం సుంకం వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఆస్ట్రేలియా డబ్ల్యూటీవోకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్ళింది, 2023 ఏప్రిల్‌లో రెండు పక్షాలూ కేసుని ఆపి ఉంచాయి, ఆగస్టులో చైనా సుంకం ఎత్తేసింది. లాంచ్, ఇంపోజ్, రిక్వెస్ట్ కన్సల్టేషన్స్, సస్పెండ్, లిఫ్ట్: ఒక వివాదం పుట్టుక నుంచి ముగింపు దాకా కావలసిన క్రియలన్నీ వరసలో దొరుకుతాయి. డబ్ల్యూటీవో సైట్‌లో కేసుల సారాంశాలు ఉచితంగా ఉంటాయి, భాష పొడిగా ఉన్నా హెడ్‌లైన్ రోగం ఉండదు.

పదగణితం
అది కూడా అందరికీ కాదు. మొదటి వంద పదాలు చదివి తెలియనివి లెక్కపెట్టండి. ఐదు దాటితే ఆ వార్త పక్కన పెట్టి, ముందు మూడు వేల మామూలు పదాలు పూర్తిచేయండి. ఈ ఒక్క విషయంలో నేను మాస్టారితో ఏకీభవించను.