మెథడోన్ తీసుకుంటున్న తల్లి దగ్గరే బిడ్డను ఉంచడం క్షేమమేనా?

ఉయ్యాల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఆరేళ్లపాటు నవజాత శిశువుల విభాగంలో నర్సుగా పనిచేసి, గత ఏడాది అమెరికాలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో చేరాను. ఇక్కడికి కాన్పుకు వచ్చే తల్లుల్లో కొందరు ఒకప్పుడు హెరాయిన్‌కో నొప్పి మాత్రలకో అలవాటుపడి, ఇప్పుడు వైద్యుల పర్యవేక్షణలో వాటికి బదులు మందుగా రోజూ మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ తీసుకుంటున్నవారు. మొన్న అలాంటి ఒక తల్లికి పుట్టిన బిడ్డ రెండో రోజు సాయంత్రం నుంచి వణకడం, కీచుగా ఏడవడం, ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టింది. గర్భంలో అలవాటైన మందు ఒక్కసారిగా ఆగడం వల్ల వచ్చే విత్‌డ్రాయల్ అది. నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం వెంటనే ఎన్ఐసీయూకు (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగానికి) మార్చి, లక్షణాలకు స్కోరు వేసి, మార్ఫిన్ చుక్కలు మొదలుపెట్టాలి. ఇక్కడి సీనియర్లు మాత్రం గదిలో దీపాలు తగ్గించి, బిడ్డను పొత్తిళ్లలో చుట్టి తల్లి గుండెల మీద పడుకోబెట్టమన్నారు, పాలు కూడా పట్టించమన్నారు. ఒక్క చుక్క మార్ఫిన్ ఇవ్వకుండానే ఆ బిడ్డ ఆరో రోజున ఇంటికి వెళ్లింది.

కళ్లతో చూశాను కాబట్టి కాదనలేను. అయినా మనసులో బెరుకు పోలేదు. ఈ పద్ధతి వెనుక నిలకడైన పరిశోధన ఉందా, లేక ఒక ఆసుపత్రి అలవాటు మాత్రమేనా? అసలు గర్భం నిలిచిందని తెలియగానే ఆ తల్లి చేత మెథడోన్ ఎందుకు మాన్పించరు? తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

పాలపిట్ట

ఉయ్యాల గారూ, నేను ఇరవై ఏళ్లుగా పసిబిడ్డల వైద్యంలో ఉన్నాను. అందులో సగానికి పైగా కాలం మీరు నేర్చుకున్న పద్ధతినే పాటించాను, కాబట్టి మీ బెరుకు నాకు బాగా అర్థమవుతుంది.

మీరు చెప్పిన స్కోరు 1975లో ఫిలడెల్ఫియాలో లొరెట్టా ఫిన్నెగన్ రూపొందించినది. తుమ్ములు, ఆవలింతలు, చెమట, వణుకు, ఏడుపు తీరు వంటి ఇరవైకి పైగా అంశాలకు మూడు నాలుగు గంటలకోసారి అంకెలు వేసి, వరుసగా మూడుసార్లు 8 గానీ అంతకు మించి గానీ వస్తే మందు మొదలుపెట్టేవాళ్లం. అంతకుముందు ఎవరికి తోచినట్టు వారు చూసేవారు కాబట్టి ఆ రోజుల్లో అది పెద్ద మేలే. అయితే దానిలో ఒక చిక్కు ఉంది. నిద్రపోతున్న బిడ్డను లేపి, విప్పి, కదిలించి చూస్తే తప్ప ఆ అంకెలు పూర్తికావు. అలా లేపిన ఏ బిడ్డయినా ఏడుస్తుంది, ఆ ఏడుపుకు అంకె పడుతుంది, ఆ అంకెకు మార్ఫిన్ వస్తుంది. పైగా ఎన్ఐసీయూలో వెలుతురు, యంత్రాల మోత, తల్లి స్పర్శ లేకపోవడం కలిసి ఆ అంకెను ఇంకా పెంచుతాయి.

యేల్ విశ్వవిద్యాలయపు పిల్లల ఆసుపత్రిలో మాథ్యూ గ్రాస్‌మన్ బృందం దీన్ని తలకిందులు చేసి మూడే ప్రశ్నలు వేసుకుంది. బిడ్డ సరిపడా పాలు తాగుతోందా, ఒక గంటైనా ఆపకుండా నిద్రపోతోందా, ఏడిస్తే పది నిమిషాల్లోపు ఊరుకుంటోందా? మూడింటికీ అవునంటే తుమ్ములెన్ని వచ్చినా మందు అక్కర్లేదు. కాదంటే ముందు ఎత్తుకోవడం, జోకొట్టడం, పాలు పట్టడం, గది చీకటి చేయడం పెంచి, అప్పటికీ కుదరకపోతేనే మార్ఫిన్. తల్లిని బిడ్డ దగ్గరే ఉంచడంతో సహా ఇవన్నీ అమలుచేశాక ఆసుపత్రిలో ఉండే సగటు కాలం 22.4 రోజుల నుంచి 5.9 రోజులకూ, మార్ఫిన్ అవసరమైన బిడ్డలు 98 శాతం నుంచి 14 శాతానికీ తగ్గినట్టు 2017లో వారు ప్రచురించారు.

ఒక్క ఆసుపత్రి లెక్కను నమ్మి పద్ధతి మార్చడం సరికాదని నాలాంటివాళ్లం అప్పుడు వెనకాడాం. 2023లో వెలువడిన పెద్ద పరిశోధన ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చింది. అమెరికాలోని 26 ఆసుపత్రుల్లో, 36 వారాలు నిండి పుట్టిన 1305 మంది బిడ్డల మీద జరిగిన ఆ అధ్యయనంలో, ఇంటికి వెళ్లగల స్థితికి చేరడానికి పాత పద్ధతిలో సగటున 14.9 రోజులు పడితే కొత్త పద్ధతిలో 8.2 రోజులు పట్టింది. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందు ఇవ్వవలసివచ్చినవారు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు. మీరు చూసింది ఒక ఆసుపత్రి అలవాటు కాదు.

పాల సంగతి కూడా చెబుతాను. తల్లి చికిత్సలో నిలకడగా ఉంటే మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ పాలలోకి వెళ్లేది చాలా కొద్ది మోతాదే కాబట్టి పాలు ఇవ్వడమే మంచిది. హెపటైటిస్ సి ఉన్నా అడ్డంకి లేదు, చనుమొనలు పగిలి రక్తం వస్తున్నప్పుడు మాత్రం ఆపాలి. కాన్పు గదిలో ఉండే నర్సులు మరచిపోకూడని మాట ఇంకొకటి ఉంది. ఇలాంటి తల్లికి పుట్టిన బిడ్డ వెంటనే ఊపిరి తీసుకోకపోతే మాస్కుతో ఊపిరి అందించాలి తప్ప ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలాక్సోన్ ఇవ్వకూడదు. ఆ మందు ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ తెచ్చి మూర్ఛలకు దారితీయవచ్చు.

నల్లమల

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. నేను మత్తుపదార్థాల చికిత్సా కేంద్రంలో మానసిక వైద్యుడిని. మీ ప్రశ్న మా దగ్గరకు వచ్చే అత్తమామలందరూ అడిగేదే.

హెరాయిన్ వాడే గర్భిణి శరీరంలో రోజుకు మూడు నాలుగు సార్లు మత్తు పైకెక్కి కిందికి దిగుతుంది. దిగిన ప్రతిసారీ తల్లికి విత్‌డ్రాయల్ వచ్చినట్టే గర్భంలోని బిడ్డకూ వస్తుంది. మెథడోన్ రోజంతా నిలకడగా ఉండే మందు కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లను ఆపుతుంది, సూదులను దూరం చేస్తుంది, ఆ స్త్రీని ప్రతి నెలా పరీక్షకు రప్పిస్తుంది. 1965లో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ ఈ చికిత్సకు పునాది వేసినప్పుడు వారి దృష్టిలో గర్భిణులు లేరు. కానీ సూది దొరకనప్పుడు పడే యాతన లేకుండా చేయడమనే ఆ ఆలోచనే బిడ్డకూ పనికివచ్చింది. మందు మాన్పిస్తే ఆ స్త్రీ మళ్లీ హెరాయిన్‌కు తిరిగే ప్రమాదం ఎక్కువ. ఈలోగా శరీరం తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి పాత మోతాదే ప్రాణం తీయవచ్చు. తల్లి పోతే బిడ్డ ఎక్కడిది?

ఏ మందు మేలన్న ప్రశ్నకు 2010లో ఒక మంచి జవాబు దొరికింది. ఏ మందు ఇస్తున్నదీ ఎవరికీ తెలియకుండా జరిపిన ఆ పరీక్షలో 131 మంది తల్లులు కాన్పుదాకా నిలిచారు. బుప్రెనార్ఫిన్ తీసుకున్న తల్లుల బిడ్డలకు సగటున 1.1 మిల్లీగ్రాముల మార్ఫిన్ చాలితే, మెథడోన్ తల్లుల బిడ్డలకు 10.4 మిల్లీగ్రాములు కావలసివచ్చింది, ఆసుపత్రిలో ఉన్న రోజులు 10కి ఎదురుగా 17.5. అలాగని మెథడోన్ మీద కుదురుకున్న స్త్రీని గర్భంతో ఉండగా మందు మార్చడం నాకు సమ్మతం కాదు. అదే పరీక్షలో బుప్రెనార్ఫిన్ వైపు మధ్యలో మానేసినవారు 33 శాతం, మెథడోన్ వైపు 18 శాతం. తల్లి ఏ మందు మీద చికిత్సలో నిలుస్తుందో ఆ మందే ఆ బిడ్డకు మంచిది.

ఇంకో మాట: చివరి నెలల్లో మెథడోన్ మోతాదు పెంచవలసి వస్తే దాన్ని తప్పుగా చూడకండి. గర్భిణి శరీరం ఆ మందును త్వరగా కరిగించేస్తుంది. బిడ్డ కోసమని మోతాదు తగ్గించుకుని, సగం విత్‌డ్రాయల్‌తో కాన్పుకు వచ్చే తల్లులను చూస్తే బాధ కలుగుతుంది.

సందేహి

పాలపిట్ట గారి అంకెలు బాగున్నాయి కానీ నాకొక అభ్యంతరం ఉంది. ఆసుపత్రిలో రోజులు తగ్గితే ముందుగా లాభపడేది బీమా సంస్థలు. బిడ్డ వణుకుతుంటే మందు ఇవ్వకుండా జోకొట్టండి అనడం ఖర్చు మిగుల్చుకోవడానికి పెట్టిన ముద్దుపేరు కాదని ఎలా నమ్మాలి? బిడ్డ పుట్టకముందే ఇంత హాని చేసిన తల్లి చేతికే ఆ బిడ్డను అప్పగించడం నాకు మింగుడుపడడం లేదు.

పాలపిట్ట

మొదటి అనుమానం న్యాయమైనదే, ఆ పరిశోధకులకూ అదే వచ్చింది. అందుకే ఇంటికి వెళ్లాక మూడు నెలల వరకు బిడ్డలకు ఏం జరిగిందో లెక్కగట్టారు. మళ్లీ ఆసుపత్రిలో చేరడం, అత్యవసర విభాగానికి రావడం, గాయాలు, మరణం వంటివి రెండు పద్ధతుల్లోనూ దాదాపు 16 శాతమే. కొందరు బిడ్డలను రెండేళ్ల వయసు దాకా చూడడం కూడా ఆ అధ్యయనంలో భాగమే. పైగా ఈ పద్ధతి మందు వద్దనదు. నిన్న రాత్రే ఒక బిడ్డకు నేను మార్ఫిన్ మొదలుపెట్టాను, ఆ బిడ్డ పది నిమిషాల్లో కాదు, గంటన్నరకు కూడా ఊరుకోలేదు.

రెండో మాటకు ఒక పాత సంగతి చెప్పనివ్వండి. 1980లలో కొకైన్ వాడిన తల్లుల బిడ్డలు ఎందుకూ పనికిరాని తరంగా మిగులుతారని పత్రికలు హోరెత్తించాయి. ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ అనే వైద్యురాలు 1989 నుంచి 224 మంది బిడ్డలను ఎంచుకుని ఇరవై ఏళ్లకు పైగా గమనించారు. అందులో సగం మంది కొకైన్ తగిలినవారు, సగం మంది తగలనివారు, అందరూ పేద కుటుంబాలవారే. నాలుగేళ్ల వయసులో తెలివితేటల పరీక్షలో మొదటివారికి సగటున 79, రెండోవారికి 81.9 వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు కానీ ఇద్దరూ వెనకబడే ఉన్నారు. ఆ పిల్లల భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించింది పేదరికమని ఆమె తేల్చారు. కొకైన్, ఓపియాయిడ్ ఒకటి కావు, ఒకదాని ఫలితం మరొకదానికి అంటగట్టను. కానీ బిడ్డ పుట్టిన రోజునే తీర్పు రాసేసిన తప్పు ఒకసారి జరిగిందని గుర్తుచేస్తున్నాను.

ఇలాంటి బిడ్డను వ్యసనపరుడనుకునేవారికి ఒక సవరణ కూడా. ఆ బిడ్డ వ్యసనపరుడు కాదు. దాని ఒంటికి మందు అలవాటయింది, అంతే.

నల్లమల

సందేహి గారికి ఇంకొక్కటి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 2014లో గర్భంతో ఉండగా మత్తుమందులు వాడిన స్త్రీలను శిక్షించే చట్టం తెచ్చారు. పోలీసులకు చిక్కుతామన్న భయంతో స్త్రీలు పరీక్షలకు రావడమే మానేస్తున్నారని వైద్యులు మొత్తుకున్నారు. 2016లో గడువు ముగిశాక ఆ చట్టాన్ని పొడిగించలేదు. మన దేశంలో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టంలోని 64ఎ సెక్షన్ తనంతట తానుగా చికిత్సకు వచ్చినవారికి కొంత రక్షణ ఇస్తుంది. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద బుప్రెనార్ఫిన్ చికిత్స ప్రభుత్వమే అందిస్తోంది. అయినా నా కేంద్రానికి వచ్చేవారిలో స్త్రీలు ఎంతమంది అని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. వారు లేరని కాదు, రాలేకపోతున్నారని నా ఉద్దేశం.

మంజీర

ఉత్తర తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యురాలిని. మా దగ్గర హెరాయిన్ కన్నా కల్తీ కల్లుది పెద్ద బెడద. డైజెపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపిన కల్లు దొరకడం ఆగినప్పుడల్లా మూర్ఛలతో, మతి తప్పి మాట్లాడుతూ జనం వార్డులకు వస్తారు. వారిలో గర్భిణులూ ఉంటారు. వారి బిడ్డలకు కూడా ఈ మూడు ప్రశ్నల పద్ధతి వాడవచ్చా?

పాలపిట్ట

మంజీర గారూ, జాగ్రత్త. ఆ అంకెలన్నీ ఓపియాయిడ్ తగిలిన బిడ్డలవి. పొత్తిళ్లు, చీకటి గది, తల్లి ఒడి ఎవరికైనా మేలే చేస్తాయి, వాటికి అనుమతి అక్కర్లేదు. కానీ డైజెపామ్ తగిలిన బిడ్డ మొదట మెత్తగా, వాలిపోయినట్టు, పాలు సరిగా లాగలేకుండా ఉండి, లక్షణాలు రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత బయటపడవచ్చు. అంటే ఇంటికి వెళ్లాక. కాబట్టి త్వరగా పంపేయకండి, పంపినా ఆశా కార్యకర్తకు ఫలానా లక్షణాలు చూడమని చెప్పి పంపండి. గర్భిణి చేత కల్లును ఒక్కరోజులో మాన్పించడం కూడా ప్రమాదమే, మోతాదు మెల్లగా తగ్గించాలి.

ఉయ్యాల

అందరికీ ధన్యవాదాలు. మంజీర గారి మాట చదివాక ఒకటి గుర్తుకొచ్చింది. గుంటూరులో ఆరేళ్లలో ఒక్క తల్లిని కూడా నేను కల్లు గురించి గానీ నిద్రమాత్రల గురించి గానీ అడగలేదు. కేస్ షీటులో పొగాకుకు ఒక గడి ఉండేది, దానిలో కూడా అలవాటుగా 'లేదు' అని రాసేవాళ్లం. ఇక్కడ ప్రతి తల్లినీ, భర్త గదిలో లేనప్పుడు, ఒకే మాటలతో అడుగుతున్నాం. నిన్న ఒకామె చాలాసేపు గోడ వైపు చూసి, ఆ తర్వాత చెప్పింది.