డెస్క్‌టాప్ తీసేసి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలా? కొండాపూర్ హాస్టల్, బడ్జెట్ లక్ష

కొత్తకొలువు:
అందరికీ నమస్తే. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. రోజూ వెళ్లి రావడం కష్టంగా ఉందని కొండాపూర్‌లో త్రీ షేరింగ్ హాస్టల్‌లో చేరాను. ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ ఉంది: ఐ5 7400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. ఫ్రెండ్స్‌తో వాలరెంట్ ఆడతాను, సైబర్‌పంక్ 2077 ఆడాలని ఎప్పటినుంచో ఉంది, బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) కూడా నేర్చుకుంటున్నాను. ఆఫీసు వాళ్లు ల్యాప్‌టాప్ ఇచ్చారు కానీ అందులో గేమ్స్ వేయనివ్వరు. పాతది అమ్మేసి, ఆ డబ్బు కూడా కలిపి గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నారు ఇంట్లో. నాకిది మొదటి ల్యాప్‌టాప్. ఏం చేయమంటారు?

ఎల్బీనగర్77:
లెనోవో లాక్, ఏసర్ నైట్రో, అసూస్ టఫ్. ఈ మూడింటిలో ఆఫర్‌లో ఏది ఉంటే అది తీసుకో బ్రో.

పార్క్‌లేన్ పాతకాపు:
తమ్ముడూ, తొందరపడి అమ్మొద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏళ్ల తరబడి సిస్టమ్‌లు అసెంబుల్ చేసినవాణ్ని, అందుకే చెబుతున్నాను. నీ దగ్గర క్యాబినెట్ ఉంది, మానిటర్, కీబోర్డ్ ఉన్నాయి, ఎస్ఎస్‌డీ కూడా వేసుకునే ఉంటావు. మార్చాల్సింది మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై). నీ ఐ5 7400 ఏడో తరానిది, ఆ బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్ పనిచేయదు. సాకెట్ నంబర్ 1151 అని ఒకటే కనిపిస్తుంది, దాన్ని నమ్మి ప్రాసెసర్ ఒక్కటే కొనుక్కుని వచ్చినవాళ్లను చూశాను. కాబట్టి ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ తీసుకో. అది డీడీఆర్4 రకం ర్యామ్ మీదే నడుస్తుంది. అంటే నీ పాత ర్యామ్ పనికొస్తుంది, ఇంకో స్టిక్ కలిపితే చాలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా మండిపోతున్నాయో చూస్తున్నావుగా, ఉన్న ర్యామ్‌ను వదులుకోవద్దు. 16 జీబీ మెమరీ ఉన్న ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటి కార్డు వేసినా లక్ష దాటదు. ఆ డబ్బుకి ల్యాప్‌టాప్‌లో వచ్చేది 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ. అదీ బోర్డుకి అతికించి ఉంటుంది, ఇక జన్మలో మార్చలేవు.

మూడో పడక:
అన్నా, ఆయన త్రీ షేరింగ్‌లో ఉంటున్నానని మొదటి వరుసల్లోనే రాశాడు. ఆ క్యాబినెట్ ఎక్కడ పెట్టాలి? హాస్టల్ గదిలో మనిషికి ఒక మంచం, ఒక అల్మారా ఇస్తారు. టేబుల్ ఉంటే ముగ్గురికీ కలిపి ఒకటి. నేను అమీర్‌పేటలో ఉన్నప్పుడు క్యాబినెట్ మంచం కింద పెట్టాను. గది తుడిచే ఆవిడ రోజూ తడి గుడ్డ లోపలికంటా తోసేది, తప్పు ఆవిడది కాదు, నేల తుడవడం ఆవిడ పని. కరెంటు పోతే హాస్టల్ ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు మాత్రమే నడుస్తాయి, సాకెట్లకు లైన్ ఇవ్వరు. వానాకాలం సాయంత్రం గాలిదుమారం వస్తే మ్యాచ్ మధ్యలో సిస్టమ్ ఠక్కున ఆగిపోయేది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద నడుస్తుంది, కనీసం ఫైలు సేవ్ చేసుకోవచ్చు.

పార్క్‌లేన్ పాతకాపు:
చిన్న యూపీఎస్ పెట్టుకుంటే సరిపోతుంది కదా.

మూడో పడక:
అదెక్కడ పెట్టాలి?

వాట్ మీటర్:
మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. ల్యాప్‌టాప్ కొంటే చూడాల్సింది టీజీపీ, అంటే గ్రాఫిక్స్ చిప్‌కి ఆ కంపెనీ ఎన్ని వాట్లు ఇస్తోందనేది. ఎన్విడియా వాళ్ల ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ ఆర్‌టీఎక్స్ 4060కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వవచ్చు. పేరు ఒకటే, డబ్బా మీద స్టిక్కర్ ఒకటే. సన్నటి ల్యాప్‌టాప్‌లో పెట్టినదానికి, లావుపాటి దాంట్లో పెట్టినదానికి ఆటలో చాలా తేడా ఉంటుంది. ఇదివరకు తక్కువ వాట్లవాటికి మ్యాక్స్-క్యూ అని పక్కన రాసేవారు, ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి అదీ తీసేశారు. కొత్తకొలువు గారూ, మీరు చూస్తున్న మోడల్ టీజీపీ ఎంత?

కొత్తకొలువు:
ఇంకా మోడల్ అనుకోలేదండీ.

వాట్ మీటర్:
అనుకున్నాక టీజీపీ చెప్పండి. దాన్నిబట్టే ఏదైనా చెప్పగలం.

నైట్‌షిఫ్ట్ నర్స్:
నేను గేమ్స్ ఆడను. నా రూమ్మేట్ ఆడుతుంది. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటే, పక్క మంచం మీద ఆ ల్యాప్‌టాప్ ఫ్యాను గొంతు చించుకుని అరుస్తుంటుంది. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుంటుంది కాబట్టి ఆమెకు వినపడదు, నాకే వినపడుతుంది. చెబితే ఫ్యాను తగ్గిస్తే హీట్ అయిపోతుందంటుంది. షేరింగ్ రూముల్లో ఉండేవాళ్లు కొనేముందు పక్కవాళ్ల గురించి కూడా కాస్త ఆలోచించాలి.

పార్క్‌లేన్ పాతకాపు:
నర్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకే సన్నటి పెట్టెలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ పక్కపక్కనే కూర్చుని కాగుతుంటాయి. మే నెలలో పై అంతస్తు గదిలో మామూలుగానే 38 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడి గాలినే పీల్చుకుని ఆ ఫ్యాన్లు చిప్‌ని చల్లబరచాలి. అరవక ఏం చేస్తాయి? ఇక పేర్ల సంగతి. ల్యాప్‌టాప్ 4070 అంటే డెస్క్‌టాప్ 4070 కాదు. డెస్క్‌టాప్‌ది 12 జీబీ మెమరీ, 5888 కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు). ల్యాప్‌టాప్‌ది 8 జీబీ, 4608 కోర్లు, అసలు చిప్పే వేరు. అదే పేరు పెట్టి అమ్మడం నా దృష్టిలో మోసం.

మూడో పడక:
4070 గురించి ఆయన అడగలేదు. లక్షలో వచ్చేది 4060 లేదా 5060. 4060 అయితే డెస్క్‌టాప్‌లో, ల్యాప్‌టాప్‌లో ఒకటే చిప్, రెండింటికీ 3072 కోర్లే, రెండూ 8 జీబీవే. మీకు అనుకూలమైన ఉదాహరణ ఒకటి పట్టుకుని అందరికీ అంటగడుతున్నారు.

వాట్ మీటర్:
కోర్లు ఒకటే అయినా వాట్లు ఒకటి కాదు.

పార్క్‌లేన్ పాతకాపు:
సరే, నా ఇంటి సంగతే చెబుతాను. మా తమ్ముడు గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. కంపెనీ పేరు అనవసరం. వారంటీ ముగిసిన కొద్ది రోజులకే ఆన్ కావడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బోర్డు మొత్తం మార్చాలన్నారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్, సగం ర్యామ్ అన్నీ ఆ బోర్డు మీదే. వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది. వాడింకా దాని ఈఎంఐ కడుతూనే ఉన్నాడు. డెస్క్‌టాప్ అయితే ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చుకుంటాం. ఈ కాలపు పిల్లలకు అది అర్థం కావడం లేదు, మెరిసే కీబోర్డు లైట్లు చూసి జీతం మొత్తం పోస్తున్నారు.

మూడో పడక:
ఇదిగో, ఈ మాటే నాకు నచ్చనిది. లైట్లు చూసి కొనేవాళ్లం కాదు మేము. మీకు సొంతిల్లు ఉంది, ఇంట్లో టేబుల్ ఉంది, రేపు కూడా ఆ టేబుల్ అక్కడే ఉంటుందన్న నమ్మకం ఉంది. మాకు హాస్టల్ ఓనర్ రెంట్ పెంచితే నెలాఖరుకి సామాన్లు సర్దుకోవాలి. అమీర్‌పేట, మాదాపూర్, బెంగళూరు, మళ్లీ ఇక్కడ. బెంగళూరు వెళ్లేటప్పుడు నా సిస్టమ్ ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తే, గ్రాఫిక్స్ కార్డు బరువుకి స్లాట్ విరిగిపోయి చేరింది. కార్డు విప్పి విడిగా పంపాల్సిందని తర్వాత అందరూ చెప్పారు. అవన్నీ విప్పి కట్టడానికి నాకు దొరికింది ఒక్క రాత్రి. ముక్కలు మార్చుకోవచ్చు అంటున్నారు, ఆ ముక్కలు ఒకచోట నిలకడగా ఉండాలి కదా ముందు.

ఎల్బీనగర్77:
ఇద్దరూ కాస్త శాంతించండి అన్నా.

పార్క్‌లేన్ పాతకాపు:
శాంతంగానే రాస్తున్నాను. తమ్ముడూ, గది లేని బాధ నాకు తెలియక కాదు. షాపులో కూర్చున్నప్పుడు పోయిన ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని వచ్చే కుర్రాళ్లు నా ఎదురుగానే నిలబడేవారు. ‘ఇందులో ఏదైనా చేయొచ్చా అన్నా’ అని అడిగేవారు. మొదటి ఉద్యోగం, మొదటి పెద్ద ఖర్చు. ఏమీ చేయలేమని నా నోటితో చెప్పాల్సి వచ్చేది. నాకు కోపం ఆ కుర్రాళ్ల మీద కాదు, బాగుచేయడానికి వీల్లేకుండా తయారుచేసి లక్షకి అమ్మేవాళ్ల మీద.

మూడో పడక:
ఆ కోపం నాకూ ఉంది. కానీ దానికోసం ఆయన ఆడుకోవాలంటే శనివారం దాకా ఆగి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలంటే ఎలా? బాగుచేసుకోగలిగేది ఇంట్లో ఉండి, మనిషి ఇంకోచోట ఉంటే లాభమేంటి? మీరు వస్తువు ఎన్నాళ్లు ఉంటుందని లెక్కేస్తున్నారు. నేను దాన్ని ఎన్ని సాయంత్రాలు వాడుకోగలనని లెక్కేస్తున్నాను.

కొత్తకొలువు:
నా వల్ల గొడవ పడొద్దు ప్లీజ్. మొదటే చెప్పాల్సినది ఒకటి ఉంది. డెస్క్‌టాప్ ఇప్పుడు నేనొక్కడినే వాడటం లేదు. మా చెల్లి ఇంటర్ సెకండియర్, సాయంత్రం క్లాసుల వీడియోలు దాంట్లోనే చూస్తుంది. అమ్మేయమని నాన్న అంటున్నారు, తను మాత్రం ఏమీ అనడం లేదు. అడిగితే ‘ఫోన్‌లో చూసుకుంటాలే’ అంటోంది. కానీ ఫోన్‌లో లెక్కల బోర్డు ఏం కనపడుతుంది?

నైట్‌షిఫ్ట్ నర్స్:
అయితే అమ్మొద్దు. ఆ పిల్ల అడగదు, మీరే ఉంచండి.

పార్క్‌లేన్ పాతకాపు:
ఈ మాట ముందే రాసి ఉంటే నా మొదటి సలహా వేరుగా ఉండేది. వీడియోలు చూడటానికి ఆ ఐ5 పుష్కలంగా సరిపోతుంది. విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలు యూజర్లకు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తున్నారు, సెట్టింగ్స్‌లో ఎన్‌రోల్ చేసుకోవాలి. ఆ తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసెయ్, బ్రౌజర్ ఉంటే తనకు చాలు. మీ ఇంటి డెస్క్‌టాప్ మీద ఇప్పుడు లక్ష పోయాల్సిన పని లేదు. అలాగని ల్యాప్‌టాప్ మంచిదని నేను ఒప్పుకున్నట్టు కాదు. తప్పనిసరిగా కొంటున్నావు కాబట్టి, కొనేది ఎలాంటిదో చూసి కొనమంటున్నాను. ర్యామ్ పూర్తిగా బోర్డుకి అతికించి ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. రెండు స్లాట్లు ఉండాలి, ఎస్ఎస్‌డీకి ఇంకో స్లాట్ ఖాళీగా ఉండాలి. ఒకే స్టిక్ పెట్టి అమ్ముతుంటే తర్వాతైనా రెండోది వేయించుకో, సింగిల్ ఛానెల్‌లో గేమ్స్ నెమ్మదిస్తాయి. మొదటి రోజే వారంటీ మూడేళ్లకు పొడిగించుకోవడానికి డబ్బు పక్కన పెట్టు. బ్యాటరీకి మాత్రం మామూలుగా ఏడాదే ఇస్తారు, ఆ షరతు చదువుకో.

మూడో పడక:
ఇది మంచి సలహా. నేను కలిపేది రెండే. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో స్పెక్‌లో రాస్తారు, అక్కడ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే వద్దు, ఎరుపు వెలిసిపోయి ఇటుక రంగులో కనిపిస్తుంది. బ్లెండర్ నేర్చుకుంటున్నావు కాబట్టి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదే చూడు. రెండోది, అడాప్టర్‌ను చేత్తో పట్టుకుని చూడు. గేమింగ్ ఎప్పుడూ అడాప్టర్ పెట్టుకునే చేయాలి, బ్యాటరీ మీద గ్రాఫిక్స్ స్పీడు బాగా పడిపోతుంది. కాబట్టి శనివారం మెట్రోలో ఇంటికి వెళ్లేటప్పుడు అది కూడా బ్యాగులో మోయాలి. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా లిమిట్ పెట్టుకో.

వాట్ మీటర్:
షాపులో డెమో పీస్ ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, కింద సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరుస ఉంటుంది. సేల్స్‌మన్ ఏం చెప్పినా ఆ వరుసలో ఉన్న అంకెనే నమ్మండి. 100 వాట్లకు తక్కువైతే లేచి వచ్చేయండి.

నైట్‌షిఫ్ట్ నర్స్:
100 వాట్లంటే ఫ్యాను ఇంకా ఎక్కువ అరుస్తుందా?

వాట్ మీటర్:
అలా ఏం కాదండీ. లావుగా, పెద్ద ఫ్యాన్లు ఉన్నదైతే 100 వాట్లలో కూడా సన్నటిదానికంటే తక్కువ చప్పుడు చేయవచ్చు. పైగా గేమ్‌లో సెకనుకు 60 ఫ్రేములకు లిమిట్ పెడితే చిప్ మీద భారం తగ్గి ఫ్యాను చాలా వరకు నెమ్మదిస్తుంది.

నైట్‌షిఫ్ట్ నర్స్:
ఈ ఫ్రేముల సంగతి మా రూమ్మేట్‌కి ఇవాళే చెబుతాను. థాంక్సండీ.

కొత్తకొలువు:
డెస్క్‌టాప్ అమ్మడం లేదు, నాన్నకి చెప్పేశాను. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం ఇంటికి వెళ్లేముందు పార్క్‌లేన్ వెళ్తున్నాను. 4060 లేదా 5060, రెండు ర్యామ్ స్లాట్లు, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 100 వాట్లకు పైన. పాతది అమ్మిన డబ్బు కలవదు కాబట్టి లక్ష దాటకూడదు. వారంటీ పొడిగింపు కూడా లక్షలోనే రావాలంటే 4050కి దిగాలేమో అనిపిస్తోంది.

పార్క్‌లేన్ పాతకాపు:
4050కి గ్రాఫిక్స్ మెమరీ 6 జీబీయే ఉంటుంది, సైబర్‌పంక్ ఆడాలంటున్నావు కాబట్టి దిగొద్దు. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది తీసుకో, అక్కడ మిగిలింది వారంటీకి పెట్టు. ఎస్ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ మెమరీ పెంచుకోలేవు.

మూడో పడక:
దీనికి నేనూ సరే అంటాను. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో, వారంటీ మొదలైన తేదీ కంపెనీ సైట్‌లో అక్కడే చూసుకుని డబ్బు కట్టు.

వాట్ మీటర్:
మోడల్ ఫైనల్ అయ్యాక టీజీపీ ఇక్కడ పెట్టండి.